చిన్న ట్రైలర్‌లో చలి మజిలీలు: ఎక్కడ ఏ వెచ్చదనం అక్కరకొచ్చింది

చలికాలపు ప్రయాణంలో బస ఎలా ఉందని అడిగితే సాధారణంగా అందరూ చెప్పేది అక్కడి కొండల గురించి, నీళ్ల గురించి, స్నానాల గదుల శుభ్రత గురించి. కారు వెనుక తగిలించుకొని వెళ్లే చిన్న ట్రైలర్‌లో పడుకునేవారికి మాత్రం వీటన్నిటికంటే ముందు మరొక లెక్క ఉంటుంది. ఆ చోట రాత్రంతా ట్రైలర్‌ను దేనితో వెచ్చగా ఉంచాలి, అలా ఉంచుతూ నిశ్చింతగా నిద్రపోవడం సాధ్యమేనా అన్నదే ఆ లెక్క. ఈసారి మా దారి సరస్సు ఒడ్డున మొదలై, కొండమీది మైదానం మీదుగా అడవిలోకి సాగింది. మూడు చోట్లా రాత్రిళ్లు ఉష్ణోగ్రత సున్నాకు దిగువకు పడిపోయేది, కానీ వేడి చేసుకునే మార్గం మాత్రం ఒక్కో చోట ఒక్కో రకంగా ఉంది. అందువల్ల ఆ మజిలీల మంచిచెడ్డలను ఈ ఒక్క కోణం నుంచే తూచి రాస్తున్నాను.

ముందుగా ట్రైలర్ సంగతి చెప్పాలి. ఇద్దరు పడుకుంటే మిగిలిన చోట రెండు సంచులు పట్టేంత చిన్నది అది. గోడలు, పైకప్పు, నేల అన్నీ కలిపితే సుమారు 17 చదరపు మీటర్ల వైశాల్యం, వాటి లోపల 25 మిల్లీమీటర్ల మందాన ఫోమ్ ఉంటుంది. ఇటువంటి గోడ చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీ తేడాకు, ఒక వాట్ కంటే కాస్త ఎక్కువ వేడిని బయటికి వదులుతుంది. బయట సున్నా, లోపల 18 డిగ్రీలు కావాలనుకుంటే గోడల గుండా పోయేది దాదాపు 340 వాట్లు. కిటికీలు, తలుపు సందులు, ఊపిరి కోసం తప్పనిసరిగా తెరిచి ఉంచే గాలి రంధ్రం ఇంచుమించు మరో అంత తీసుకుపోతాయి. అంటే మొత్తం అవసరం 700 వాట్ల లోపే, ఒక ఇస్త్రీపెట్టె లాగే కరెంటు కంటే తక్కువ. ఈ అంకె తెలియనివారే రెండు కిలోవాట్ల హీటర్‌ను కొని అర్ధరాత్రి చెమటలు పట్టి లేస్తుంటారు. చిన్న ట్రైలర్‌కు వేడి చాలకపోవడం అరుదు. ఎక్కువ కావడం, దానితోపాటు గాలి పాడవడం, చెమ్మ చేరడం, మండే వస్తువులు హీటర్‌కు మరీ దగ్గరగా ఉండిపోవడం, ఇవే అసలు చిక్కులు.

సరస్సు ఒడ్డున ఉన్న మైదానంలో ప్రతి స్థలానికీ ఒక కరెంటు స్తంభం ఉంది. అక్కడి నిర్వాహకుడిని ఎన్ని యాంపియర్లు వస్తాయని అడగగానే ఏమాత్రం తడుముకోకుండా ఆరు అని చెప్పాడు, ఆ ఒక్క జవాబుతో నాకు ఆ చోటు మీద గౌరవం కలిగింది. చాలాచోట్ల ఈ ప్రశ్నకు "కరెంటు ఉందండీ" అన్న మాటే సమాధానంగా వస్తుంది. 230 వోల్టుల దగ్గర ఆరు యాంపియర్లంటే 1380 వాట్లు. దాని మీద రెండు వేల వాట్ల హీటర్ పెడితే స్తంభం దగ్గరి స్విచ్ పడిపోతుంది, ఆ చీకట్లో దాన్ని పైకి వేయించుకోవడానికి ఎవరినో నిద్ర లేపాలి. 120 వోల్టుల సరఫరా ఉన్న దేశాల్లో లెక్క వేరు. అక్కడ 1500 వాట్ల హీటర్ ఒక్కటే పన్నెండున్నర యాంపియర్లు తీసుకుంటుంది, కాబట్టి 15 యాంపియర్ల తీగమీద రాత్రంతా దాన్ని నడపడం తీగను దాని హద్దు దగ్గరే నిలబెట్టడమవుతుంది.

మాకు మొదట ఇచ్చిన స్థలంలో సాకెట్ అంచు నల్లగా కాలి ఉంది. కాలిన సాకెట్ అంటే లోపల పట్టు వదులైందని అర్థం. వదులైన చోట నిరోధం పెరుగుతుంది, నిరోధం పెరిగిన చోట వేడి పుడుతుంది, హీటర్ వంటి ఎడతెగని భారం మీద ఆ వేడి గంటగంటకూ పేరుకుంటుంది. చూపించగానే వారు వాదించకుండా పక్క స్థలం ఇచ్చి, పాతదాని మీద తాళం వేశారు. ఆ సేవకు పూర్తి మార్కులు వేస్తాను. హీటర్ వేసిన గంట తరువాత ప్లగ్‌ను చేత్తో తాకి చూడటం, చుట్ట చుట్టి ఉన్న ఎక్స్‌టెన్షన్ తీగను పూర్తిగా విప్పి నేల మీద పరచడం మాకు అలవాటు. చుట్టలోనే ఉంచిన తీగ తన వేడిని వదులుకోలేక ప్లాస్టిక్ తొడుగును కరిగించుకుంటుంది.

హీటర్ చుట్టూ కనీసం ఒక మీటరు దూరంలో మండే వస్తువు ఏదీ ఉండకూడదని ప్రతి తయారీదారూ ఏదో ఒక రూపంలో చెబుతాడు. మా ట్రైలర్‌లో ఆ ఒక్క మీటరు ఎక్కడా లేదు. పరుపు, దుప్పటి, తెర, ఎటు తిరిగినా గుడ్డే. ఫ్యాన్ ఉన్న చిన్న సెరామిక్ హీటర్ పది నిమిషాల్లో గదిని వెచ్చబరుస్తుంది, పక్కకు ఒరిగితే ఆగిపోయే స్విచ్ కూడా దానిలో ఉంటుంది, అయినా నిద్రలో కాలు తగిలి దాని మీదికి దుప్పటి జారితే ఆ స్విచ్ మనల్ని కాపాడదు. నూనె నింపిన రేడియేటర్‌లో ఎర్రగా కాలే తీగ బయటికి కనిపించదు, చప్పుడు ఉండదు, కానీ బరువు, వేడెక్కడానికి పట్టే సమయం రెండూ ఎక్కువే. చివరకు మేము పాటించిన పద్ధతి ఇదీ: మెలకువగా కూర్చున్నంతసేపు సెరామిక్ హీటర్, పడుకునే ముందు దాన్ని ఆపి ప్లగ్ తీసేయడం, ఆపైన తక్కువ వాట్ల విద్యుత్ దుప్పటి. ఒక మనిషి దుప్పటికి 50 వాట్ల చొప్పున చాలు. గదిలోని గాలిని వేడి చేయడానికి 700 వాట్లు కావలసిన చోట పడకను వేడి చేయడానికి వంద వాట్లు సరిపోవడం చూశాక, రాత్రివేళ గాలిని వేడి చేయాలన్న పట్టుదలే నాకు అనవసరంగా తోచింది.

కొండమీది మైదానం 2400 మీటర్ల ఎత్తున ఉంది. కరెంటు లేదు, రాత్రివేళ జనరేటర్లు నడపకూడదన్న నియమం ఉంది. ఆ నియమాన్ని నేను మనసారా మెచ్చుకున్నాను. దానికి కారణం నిశ్శబ్దం మాత్రమే కాదు, పక్కవారి జనరేటర్ పొగ మన కిటికీలోకి రావడానికి గాలి కాస్త దిశ మార్చుకుంటే చాలు. ఇక్కడ మిగిలింది గ్యాస్. మా ట్రైలర్‌లో అమర్చిన గ్యాస్ హీటర్ మండటానికి కావలసిన గాలిని నేల కింది గొట్టం ద్వారా బయటినుంచే తీసుకొని, పొగను మరో గొట్టం ద్వారా బయటికే పంపుతుంది. మంట తగిలే గాలి, మనం పీల్చే గాలి ఎక్కడా కలవవు. నిద్రపోతున్నప్పుడు నడపదగిన మంట ఇదొక్కటేనని నా అభిప్రాయం.

పక్క స్థలంలో ఉన్న దంపతుల దగ్గర గదిలోనే మండే చిన్న గ్యాస్ హీటర్ ఉంది. దానిలో ప్రాణవాయువు తగ్గితే మంటను ఆపే అమరిక ఉంటుంది. గాలిలో 21 శాతం ఉండే ఆక్సిజన్ సుమారు 18 శాతానికి పడిపోయినప్పుడు అది పనిచేస్తుంది. ఆ ఎత్తున గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే నాలుగింట మూడు వంతులే కావడంతో, కిటికీ తెరిచి ఉన్నా వారి హీటర్ మాటిమాటికీ ఆరిపోయింది. అది పాడైందని వారు అనుకున్నారు. 2100 మీటర్లు దాటితే అది అలా ఆగిపోవచ్చని కొన్ని హీటర్ల సూచనల పుస్తకాల్లోనే రాసి ఉంటుంది. ఆరిపోవడం కంటే పెద్ద సంగతి మరొకటి ఉంది: ఆ అమరిక కొలిచేది ఆక్సిజన్‌ను మాత్రమే, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును కాదు. ఇంకొకటి చెమ్మ. కిలో ప్రొపేన్ మండితే కిలోన్నరకు పైగా నీరు ఆవిరిగా పుడుతుంది, గదిలోనే మండే హీటర్ ఆ నీటినంతా గదిలోనే వదులుతుంది. తెల్లవారేసరికి వారి తలుపు బందుల మీద మంచు గడ్డకట్టి, తలుపును భుజంతో తోయవలసి వచ్చింది. ఇద్దరి ఊపిరితోనే రాత్రికి దాదాపు అర లీటరు చెమ్మ చేరుతుంది కాబట్టి మా గోడలూ పూర్తిగా పొడిగా లేవు. అయితే పైకప్పు కిటికీని రెండు వేళ్ల మందాన తెరిచి ఉంచితే ఆ చెమ్మ చాలావరకు బయటికి పోయింది.

గ్యాస్ దొరికే చోటును బట్టి కూడా మజిలీని తూచాలి. ఆ మైదానం దగ్గరి దుకాణంలో ఉన్నవన్నీ బ్యూటేన్ సిలిండర్లే. బ్యూటేన్ మరిగే ఉష్ణోగ్రత సున్నాకు అర డిగ్రీ దిగువన ఉంటుంది. అంతకంటే చల్లని రాత్రి అది సిలిండర్‌లో ద్రవంగానే ఉండిపోయి, సిలిండర్ బరువుగా ఉన్నా పొయ్యి వెలగదు. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల వరకు ఆవిరవుతుంది. చలికాలంలో కొండ దారి పట్టేవారికి బ్యూటేన్ మాత్రమే అమ్మే దుకాణం ఉన్నా లేనట్టే. కొండ దిగువన మేము సిలిండర్ నింపించుకున్న ఒక కేంద్రంలో పనివాడు ముందు ఖాళీ సిలిండర్ తూచి, నింపాక మళ్లీ తూచి, కవాటం చుట్టూ సబ్బు నీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూశాడు. ఇంకొకచోట మరికాస్త పడుతుందంటూ నింపబోతే మేమే వద్దన్నాము. సిలిండర్‌ను 80 శాతానికి మించి ద్రవంతో నింపకూడదు; వేడికి ద్రవం వ్యాకోచించడానికి మిగతా చోటు అవసరం. కిలో ప్రొపేన్‌లో సుమారు పన్నెండున్నర కిలోవాట్ గంటల శక్తి ఉంటుంది, హీటర్‌లో కొంత వృథా పోయినా మా ట్రైలర్‌కు పద్నాలుగు గంటల పైమాటే. కాబట్టి మరికాస్త కోసం ఆశపడవలసిన అవసరం ఎవరికీ లేదు.

మా గ్యాస్ హీటర్ ఫ్యాన్‌కు బ్యాటరీ కావాలన్న సంగతి చాలామంది మరచిపోతారు. ఆగి ఆగి తిరిగే ఆ ఫ్యాన్ ఒక రాత్రికి పది పదిహేను యాంపియర్ గంటలు వాడుకుంటుంది. వంద యాంపియర్ గంటల బ్యాటరీకి అది పెద్ద భారమేమీ కాదు. అదే బ్యాటరీకి ఇన్వర్టర్ పెట్టి 1500 వాట్ల విద్యుత్ హీటర్ నడపాలనుకుంటే గంట కూడా రాదు. లిథియం బ్యాటరీ అయితే సున్నాకు దిగువన చార్జి చేయకూడదు కాబట్టి దాన్ని బయటి పెట్టెలో కాక మంచం కిందే ఉంచుకున్నాము.

అడవిలోని మజిలీలో మా ట్రైలర్‌ను పక్కన నిలిపి, అక్కడే అద్దెకిచ్చే కాస్త పెద్ద ట్రైలర్‌ను తీసుకున్నాము. దానిలో రెండు కిలోవాట్ల డీజిల్ హీటర్ ఉంది. డీజిల్ హీటర్ మీద నాకు వ్యతిరేకత లేదు; అది కూడా గాలిని, పొగను బయటే ఉంచుతుంది, తక్కువ ఇంధనంతో పొడి వేడిని ఇస్తుంది. దాన్ని ఎప్పుడూ కనిష్ఠ స్థాయిలోనే నడిపితే మాత్రం లోపల మసి పేరుకుంటుంది, అప్పుడప్పుడు పూర్తి స్థాయిలో మండించి ఆ మసిని కాల్చేయాలి. ఇక్కడి హీటర్ వెలిగేటప్పుడు వదిలిన తెల్లని పొగను చూసి అటువంటి పని జరిగి చాలా కాలమైందనుకున్నాను. టార్చి పట్టుకొని కిందికి వంగి చూస్తే పొగగొట్టం ట్రైలర్ అంచు దాకా రాకుండా నేల కింద మధ్యలోనే ఆగిపోయింది, దాని అతుకు కూడా వదులుగా ఉంది. చుట్టూ మంచు పేరుకుంటే ఆ పొగకు బయటికి దారి ఉండదు, నేలలోని ప్రతి సందూ దానికి దారే అవుతుంది. లోపలి కార్బన్ మోనాక్సైడ్ అలారం వెనుక ముద్రించిన గడువు దాటిపోయి ఉంది. నిర్వాహకులకు చెబితే ఇప్పటిదాకా ఎవరూ ఫిర్యాదు చేయలేదన్నారు. ఆ రాత్రి హీటర్ వెలిగించకుండా మా ట్రైలర్‌లోకే తిరిగి వెళ్లి పడుకున్నాము. ఆ చోట చెట్లు, నిశ్శబ్దం, శుభ్రత అన్నీ బాగున్నాయి, బస మాత్రం బాగాలేదు.

కార్బన్ మోనాక్సైడ్ విషయంలో ఇంత పట్టింపు దేనికంటే, దానికి రంగు, వాసన లేవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, నిస్సత్తువ, ఇవన్నీ ప్రయాణపు బడలికలాగే ఉంటాయి. ఇద్దరికీ ఒకేసారి వచ్చి, బయటి గాలిలోకి వెళ్లగానే తగ్గుముఖం పడితే అది బడలిక కాదు. వెంటనే అందరూ బయటికి వచ్చేయాలి, హీటర్ సంగతి తరువాత. ఐరోపా ప్రమాణాల్లో ఈఎన్ 50291 రెండవ భాగం ప్రత్యేకంగా ఇటువంటి వాహనాలు, పడవల అలారాల కోసమే ఉంది. ఆ ప్రమాణం ప్రకారం గాలిలో పది లక్షల భాగాలకు 50 భాగాల వాయువు ఉంటే గంట నుంచి గంటన్నర లోపల, 300 ఉంటే మూడు నిమిషాల లోపలే అలారం మోగాలి. ఈ వాయువు బరువు ఇంచుమించు గాలితో సమానం కాబట్టి అలారాన్ని తలగడ ఎత్తులో పెట్టుకున్నాము. గ్యాస్ లీకును పట్టే అలారం సంగతి వేరు. ప్రొపేన్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు, నేలబారుగా పాకుతుంది, అందుకే దాన్ని నేలకు దగ్గరగా బిగించాలి. నేలలో గ్యాస్ కిందికి జారిపోవడానికి వదిలిన రంధ్రాల మీద చలి వస్తోందని చాప పరిచేవారిని చూశాను, అది అలారం నోరు నొక్కినంత పని. వంట పొయ్యిని వెచ్చదనం కోసం వెలిగించి ఉంచడం, ఆరిందనుకున్న బొగ్గుల కుంపటిని లోపలికి తెచ్చుకోవడం గురించి వేరే చెప్పనక్కరలేదు.

మళ్లీ ఆ దారిన వెళితే సరస్సు ఒడ్డున ఎక్కువ రోజులు ఉంటాను; అక్కడ ఆరు యాంపియర్లే అయినా అవి నమ్మదగినవి. కొండమీద ప్రొపేన్ నిండుగా ఉన్నప్పుడు మాత్రమే ఆగుతాను, ఆగినప్పుడు పొగగొట్టం ఉన్న వైపు గాలికి ఎదురుగా పడకుండా ట్రైలర్‌ను తిప్పి నిలుపుతాను, మంచు కురిసిన రాత్రి మధ్యలో ఒకసారి లేచి ఆ గొట్టం చుట్టూ మంచును పారతో తీసేసి వస్తాను. అడవిలో సొంత ట్రైలర్‌ నిలుపుకోవడానికి స్థలం మాత్రం అడుగుతాను, అద్దె ట్రైలర్ ఉచితంగా ఇచ్చినా దాని కిందికి టార్చి వేసి చూడకుండా తాళం చెవి పుచ్చుకోను.