రైలుకు ఈ కొస, ఆ కొస: ఏడాదిన్నర వాడిన మడత సైకిల్

మా ఇంటి నుంచి స్టేషను రెండున్నర కిలోమీటర్లు. నగరంలో రైలు దిగాక ఆఫీసు ఇంకో మూడు. రైల్లో గడిచే నలభై నిమిషాలు నాకెప్పుడూ భారం కాలేదు. ప్రాణం తీసేవి ఈ రెండు కొసలే. 7:42 రైలు తప్పితే మళ్లీ అరగంటకు గానీ ఇంకోటి రాదు. ఆ భయంతో ఏడింటికే బయటపడేదాన్ని, పాప ఇంకా నిద్రలో ఉండగానే.

అందుకే మడత సైకిల్ కొన్నాను. 16 అంగుళాల చక్రాలు, మూడు గేర్లు, 12 కిలోలు. చాలా రైల్వేల్లో రద్దీవేళ మామూలు సైకిల్‌ని ఎక్కనివ్వరు, మడిచింది మాత్రం సామాను కిందే లెక్క.

కొనేముందు నేను పట్టుబట్టింది ఒక్కదానికే: మడిచాక చైను రెండు చక్రాల మధ్యకి వచ్చేయాలి. చైను బయటికి కనిపించే రకం చవకే. కానీ కిక్కిరిసిన పెట్టెలో ఆ గ్రీజు ఎవరి బట్టలకు అంటుతుందోనని దారి పొడుగునా బెంగ. ఇలా చైనుని లోపల దాచే మడతకు పేరు తెచ్చింది బ్రాంప్టన్ అనే సైకిల్. 1970లలో లండన్‌లో ఆండ్రూ రిచీ అనే ఇంజినీరు దాన్ని తన ఫ్లాటులోనే తయారు చేశాడు. కిటికీలోంచి కనిపించే చర్చి పేరే దానికి పెట్టాడు. నాది వేరే కంపెనీదే గానీ మడత అదే తరహా.

వెనక చక్రం కిందికి తిప్పాలి, ముందు చక్రం పక్కకి తెచ్చి తగిలించాలి, హ్యాండిల్ వాల్చాలి, ఆఖరున సీటు దించాలి. సీటు గొట్టం కిందికి దిగితేనే మడత బిగుసుకుంటుంది. అది మర్చిపోయి ఎత్తితే మెట్ల మీద మొత్తం విచ్చుకుంటుంది. మొదటివారం రెండు నిమిషాలు పట్టేది, ఇప్పుడు ఇరవై సెకన్లు చాలు.

చిన్న చక్రాలైతే తెగ తొక్కాలేమో అని అందరూ అడుగుతారు. అక్కర్లేదు, గేర్లు దానికి తగ్గట్టే ఉంటాయి. అసలు ఇబ్బంది గుంతలతో. పెద్ద చక్రం దాటేసే గుంతలో ఇది దిగబడుతుంది. వారానికోసారి గాలి కొట్టకపోతే బండి బరువెక్కిపోతుంది.

నాకు కోపం తెప్పించింది మాత్రం మధ్య మడతబందు. నాలుగో నెలలో తొక్కినప్పుడల్లా కిర్రుమనేది. కొన్న షాపుకి తీసుకెళ్తే చేత్తో ఓసారి ఊపి, కొత్తలో అంతేనండి అని పంపేశారు. ఇంకో మెకానిక్ విప్పి చూస్తే ఆ బందుని బిగించి పట్టే క్లాంపు అరిగిపోయి ఉంది. నడుస్తుండగా అది వదిలేస్తే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మీరు కొంటే నెలకోసారి ఆ క్లాంపు విప్పించి చూడండి, ఎవరి మాటా వినకండి.

స్టేషన్లో లిఫ్టు లేక రోజూ మెట్లెక్కాల్సినవాళ్లు కొనకపోవడమే మేలు. 12 కిలోలంటే మూడో అంతస్తుకల్లా భుజం లాగేస్తుంది.

ఇప్పుడు నేను 7:25కి బయల్దేరుతున్నాను. ఆ వేళకి పాప లేచి గుమ్మంలో ఉంటుంది. సీటు పైకి లాగే పని తనది, నన్ను ముట్టుకోనివ్వదు.