పెద్దక్షరాల టీవీ కింద పీట: ఆరేళ్ల వాడకం తర్వాత

మా జిల్లా కేంద్ర గ్రంథాలయంలో మసకచూపు పాఠకుల కోసం పెట్టిన వీడియో మాగ్నిఫయర్‌ను నేను ఆరేళ్లుగా వాడుతున్నాను. అటెండర్లు మొదలుకొని పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లల వరకు అక్కడ అందరూ దానిని పెద్దక్షరాల టీవీ అంటారు. పైన కెమెరా, ఎదురుగా తెర, అక్షరాన్ని పెద్దది చేసే మీట, నల్లని నేల మీద పసుపు అక్షరాలు చూపే మీట ఎలా పనిచేస్తాయో ఒకసారి కూర్చుంటే ఎవరికైనా తెలిసిపోతుంది కనుక వాటి గురించి రాయను. కెమెరా కింద పుస్తకం పెట్టుకునే పీట గురించి మాత్రం ఎవరూ రాయగా నేను వినలేదు. నాకు చదువు తిరిగి వచ్చింది ఆ పీట వల్ల.

నేను 31 ఏళ్లు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పి పదవీ విరమణ చేశాను. ఆ తర్వాత రెండేళ్లకే రెండు కళ్లలోనూ మాక్యులా, అంటే కంటి లోపలి పొర అయిన రెటీనా నడిమి భాగం, వయసుతో క్షీణించడం మొదలైంది. ఈ జబ్బులో పక్కచూపు మిగులుతుంది. సూటిగా చూసినచోట మాత్రం మచ్చ పడుతుంది. ఎదురుగా నిలబడిన మనిషి చెప్పులు కనిపిస్తాయి, ముఖం కనిపించదు. పుస్తకం తెరిస్తే పేజీ అంచులు కనిపిస్తాయి, చదవబోయే అక్షరం కనిపించదు. హైదరాబాదులో కంటి ఆసుపత్రిలో మసకచూపు శిక్షణ ఇచ్చిన అమ్మాయి నాకు ఒక కిటుకు నేర్పింది. మచ్చకు కొంచెం పక్కగా ఉన్న ఆరోగ్యమైన చోటును వెతుక్కుని, చూపును అక్కడే నిలిపి ఉంచి, కంటిని కదపకుండా అక్షరాలనే ఆ చోటికి తెచ్చుకోవాలని చెప్పింది. వినడానికి తేలికగానే ఉంటుంది కానీ, ఇంట్లో భూతద్దం పట్టుకుని కూర్చుంటే చేయి వణికేది, వరుస తప్పేది, అలవాటు కొద్దీ కన్ను అక్షరం వెంట పరుగెత్తేది. అరపేజీ చదివేసరికి నుదురు లాగేసేది.

పీట ఈ పని నా బదులు చేస్తుంది. అది పట్టాల మీద ఎడమకూ కుడికీ, ముందుకూ వెనక్కూ నీళ్ల మీద పడవలా జరుగుతుంది. కన్ను తెర మీద ఒకేచోట నిలిచి ఉంటుంది, అరచేతితో పీటను ఎడమకు జరుపుతూ ఉంటే వాక్యమే నా దగ్గరకు నడిచి వస్తుంది. వరుస మొదలు, చివర దాటి పోకుండా అటూ ఇటూ రెండు ఆపులు బిగించుకోవచ్చు. ముందువెనుకల కదలికకు వేరుగా ఒక బ్రేకు ఉంది. దానిని సగం బిగిస్తే పేజీ మీద వరుస ఇటూ అటూ జారకుండా తిన్నగా సాగుతుంది. ఇలాంటి యంత్రాలకు ఆద్యుల్లో ఒకరైన శామ్యూల్ జెనెన్‌స్కీ అనే గణిత శాస్త్రజ్ఞుడు తానే మసకచూపు మనిషి. 1960ల చివర అమెరికాలోని పరిశోధన సంస్థ రాండ్ కార్పొరేషన్‌లో ఉండగా సహచరులతో కలిసి క్లోజ్డ్ సర్క్యూట్ టీవీతో, అంటే కెమెరాను నేరుగా తెరకు కలిపిన టీవీతో, చదివే ఏర్పాటు సిద్ధం చేశాడు. ఇది చదవలేని బాధ తెలిసిన మనిషి తలపెట్టిన పని అని ఈ పీట మీద చేయి వేసినప్పుడల్లా నాకు అనిపిస్తుంది.

నేను అక్షరాన్ని దాదాపు 12 రెట్లు పెంచుకుంటాను. అప్పుడు తెర మీద ఒక్కసారికి 8 లేదా 9 అక్షరాలే పడతాయి. వచనానికి ఇది పెద్ద చిక్కు కాదు. పద్యం దగ్గర మాత్రం మొదట్లో చాలా బాధపడ్డాను. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరవలసిన చోటు, 10వ అక్షరం. నా తెరకు ఆ యతిస్థానం సరిగ్గా అంచు దాటిన తర్వాత ఉంటుంది. యతి కుదిరిందో లేదో చూడాలంటే మొదటి అక్షరాన్ని మనసులో పెట్టుకుని పీటను జరపాలి. మూడు తెరలు కలిస్తే గాని ఒక పాదం కాదు. పద్యాన్ని ఇలా ముక్కలుగా చూడవలసి వచ్చిందే అని కొన్నాళ్లు పద్యకావ్యాల జోలికే పోలేదు.

ఒకరోజు ఎడమ ఆపును బిగించి, బ్రేకు పూర్తిగా వదిలి, పీటను పక్కకు జరపకుండా ముందుకు మాత్రమే తోశాను. పద్యం ఎంతవరకు ఉందో చూద్దామన్నదే నా ఉద్దేశం. నాలుగు పాదాల మొదళ్లూ ఒకదాని వెనుక ఒకటి తెర మీదుగా నడిచి వెళ్లాయి. వాటితో పాటు ప్రతి పాదంలో రెండో అక్షరం, అంటే ప్రాస, ఒకే నిలువు గీతలో, అరచేయంత అక్షరాలతో, కళ్ల ముందు నుంచి దిగి వచ్చింది. 31 ఏళ్లు నల్లబల్ల మీద నాలుగు పాదాలూ రాసి, ప్రాస అక్షరాల కింద రంగు సుద్దముక్కతో గీతలు గీసి పిల్లలకు చూపించినదాన్ని. ఆ గీత లేకుండానే ప్రాస అంత స్పష్టంగా నిలబడడం చూపు బాగున్నప్పుడు కూడా నేను ఎరుగను. సీసానికి, తేటగీతికి, ఆటవెలదికి ప్రాసనియమం లేదు కనుక అక్కడ ఈ సంతోషం ఉండదు. వృత్తాలకూ కందానికీ ఉంటుంది. ఆ రోజు నుంచి ముందు నిలువుగా ఒకసారి తోసి ప్రాస చూసుకుని, ఆ తర్వాతే అడ్డంగా పాదం చదవడం నాకు పద్ధతి అయింది.

ఆ పద్యాల చదువే రెండో ఏడాదిలో యంత్రంలోని ఒక లోపాన్ని పట్టి ఇచ్చింది. ఈ యంత్రంలో కిటికీ అని నేను పిలిచే సౌకర్యం ఒకటి ఉంది. చదువుతున్న వరుస ఒక్కటే కనిపించేలా దాని పైనా కిందా నల్లని పట్టీలు కప్పుతుంది. వరుసలు కలగాపులగం కాకుండా ఇది కాపాడుతుందని మొదటి ఏడాది నేను అందరికీ చెప్పాను, గ్రంథాలయం వారి అభిప్రాయాల పుస్తకంలో కూడా మెచ్చుకుంటూ రాశాను. ఆ మెప్పును ఇప్పుడు కొంత వెనక్కు తీసుకుంటున్నాను.

ఒక ఉత్పలమాల చదువుతున్నాను. మొదటి పాదం ‘కలలు’ అనే మాటతో మొదలైంది. మూడూ లఘువులు, అంటే పొట్టిగా పలికే అక్షరాలు. ఉత్పలమాల భగణంతో, అంటే గురువుతో, నిడివిగా పలికే అక్షరంతో మొదలు కావాలి. నగణంతో మొదలైంది కనుక చంపకమాల కాబోలు అనుకుని లెక్క పెట్టాను. చంపకమాలకు 21 అక్షరాలు ఉండాలి, ఇక్కడ 20 దగ్గరే పాదం ముగిసింది. నాలుగో అక్షరం లఘువు కావలసినచోట గురువు ఉంది. అచ్చుతప్పు అనుకుందామంటే రెండో పాదంలోనూ అదే తీరు. అప్పుడు అనుమానం వచ్చి పట్టీలను తీసివేసి చూశాను. అక్కడ ఉన్నది ‘కలలు’ కాదు, ‘కల్లలు’. ఒత్తక్షరానికి ముందున్న క గురువే. కింది పట్టీ లావొత్తును నున్నగా కోసేసింది. అబద్ధాలు నాకు స్వప్నాలుగా కనిపించాయి.

పద్యం కనుక దొరికింది. అప్పటికి ఏడాదిగా వచనం చదువుతున్నాను, అక్కడ లెక్క చెప్పే గణాలు లేవు. అక్షరాల్లో వెలితి కనిపించినప్పుడల్లా అది నా కంటి మచ్చ వల్లనే అనుకున్నాను. ‘అమ’ అని కనిపిస్తే ‘అమ్మ’ అని, ‘అకడ’ అని కనిపిస్తే ‘అక్కడ’ అని సందర్భాన్ని బట్టి మనసు పూరించుకుంటూ పోయింది. ఒత్తు ఉన్నా లేకపోయినా అర్థం కుదిరే మాటల దగ్గర ఎన్నిసార్లు మోసపోయానో ఇప్పుడు చెప్పలేను. వల్ల అన్నది వల అయి ఉంటుంది, గడ్డి అన్నది గడి అయి ఉంటుంది. ఏడాది పాటు నా కంటిని నేను అకారణంగా నిందించుకున్నాను. ఈ ఒక్క సంగతి మీద నా కోపం ఇప్పటికీ తగ్గలేదు. ఒత్తులు ఉండని లిపిని చూసి కిటికీ ఎత్తును లెక్కగట్టి ఉంటారని నా ఊహ. మన వరుసకు పైన గుడులూ తలకట్లూ ఉంటాయి, కింద ఒత్తులూ వట్రుసుడులూ వేలాడుతూ ఉంటాయి. కిటికీని ఒత్తు పట్టేంత వెడల్పు చేస్తే, వరుసల మధ్య ఎడం తక్కువ ఉన్న పుస్తకాలలో కింది వరుస గుడులు కూడా లోపలికి వచ్చేస్తాయి. అయినా అది నయం. అదనంగా వచ్చినదాన్ని వదిలేయవచ్చు, కనిపించనిదాన్ని మాత్రం లేదని కూడా తెలుసుకోలేం.

పసుపు అక్షరాల మీట విషయంలోనూ ఇలాంటి జాగ్రత్తే అవసరం. కొత్త పుస్తకానికి అది ఎంతో హాయి. సీసపు అక్షరాలతో అచ్చు వేసిన పాత పుస్తకాలలో, కాగితం గోధుమరంగుకు తిరిగినచోట, ఆ మీట సన్నని గీతలను నేలలో కలిపేస్తుంది. ధ కింది గీత పోతే ద అవుతుంది, భ కింది గీత పోతే బ అవుతుంది. అటువంటి పుస్తకాలకు నేను మామూలు రంగుల్లోనే, వెలుతురు తగ్గించి చదువుతాను.

నాలుగో ఏడాది చివర పీట బ్రేకు అరిగిపోయింది. బరువైన దినపత్రికల బైండు ఒకటి ఎవరో చాలాసేపు దాని మీదే ఉంచారని తర్వాత తెలిసింది. బ్రేకు పట్టు తప్పిన పీట చేయి ఆనితే చాలు జారిపోయేది, వరుస మధ్యలో మరో వరుసలోకి పడేదాన్ని. అమ్మినవారికి గ్రంథాలయం నుంచి ఉత్తరాలు వెళ్లాయి. ఆ నమూనా తయారీ ఆగిపోయిందని, పీట విడిగా దొరకదని, దాని బదులు చేతిలో పట్టుకునే చిన్న మాగ్నిఫయర్ తీసుకోమని సమాధానం వచ్చింది. మూడు నెలలు యంత్రం మీద గుడ్డ కప్పి ఉంచారు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మన ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయాలకు వెళ్తాయి. నేనూ ఏటా కడుతున్నాను. నేను కట్టిన పన్నులో ఒక పీటకు సరిపడా మరమ్మతు దొరకదా అని ఆ మూడు నెలలూ బాధపడిన మాట నిజం. చివరకు అటెండరుగా పనిచేసే అబ్బాయే పట్టాల్లో దుమ్ము తీసి, కుట్టుమిషను నూనె వేసి, అరిగిన బ్రేకు ముక్క బదులు సైకిలు ట్యూబు ముక్క కోసి అతికించాడు. రెండేళ్లుగా అది నిలబడింది. కొత్త బ్రేకు అంత మెత్తగా ఉండదు, ఎండాకాలంలో కాస్త అంటుకుంటుంది కూడా.

ఆ మూడు నెలలూ చేతి మాగ్నిఫయర్‌తో చదవడానికి ప్రయత్నించాను. అందులోని తెర, కెమెరా మా పాత యంత్రం కంటే మెరుగైనవని ఒప్పుకోవాలి. కానీ అక్షరం కదలకుండా చేయి కదలడం అంటే నేను మళ్లీ భూతద్దం రోజులకు వెళ్లినట్టే. మందు సీసా మీద తేదీ చూసుకోవడానికి, కరెంటు బిల్లుకు అది చాలు. పుస్తకానికి చాలదు.

అదే గదిలో ఎన్‌వీడీఏ అనే, తెర మీది మాటలను పైకి చదివి వినిపించే, ఉచిత స్క్రీన్ రీడర్ ఉన్న కంప్యూటరు కూడా ఉంది. పూర్తిగా చూపు లేని ఇద్దరు డిగ్రీ విద్యార్థులు దాని మీద ఎంత వేగంగా పని చేస్తారో రోజూ వింటున్నాను. యూనికోడ్‌లో ఉన్న తెలుగును ఈస్పీక్ అనే యంత్రపు గొంతుతో అది చదివేస్తుంది. వార్తలకు నేనూ దానినే ఆశ్రయిస్తాను. పద్యాన్ని మాత్రం నేను అక్షరంగా చూడాలి. అరసున్న, బండి ఱ చెవికి అందేవి కావు. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో మసకచూపు వారికీ సభ్యత్వం ఉంటుందని ఆ పిల్లలే చెప్పి నన్ను చేర్పించారు. వినడానికి అక్కడ పుస్తకాలు దొరుకుతున్నాయి. అయినా వారానికి నాలుగు రోజులు నేను పీట దగ్గరకే వెళ్తాను.

నా మాట విని ఎవరైనా పరుగెత్తే ముందు నా పరిస్థితి కూడా చెప్పాలి. ఈ యంత్రంతో నేను గంటకు ఐదారు పేజీల కంటే ఎక్కువ చదవలేను. నలభై నిమిషాలు దాటితే మెడ పట్టేస్తుంది. లావు పుస్తకాలలో కుట్టు పక్కనున్న అక్షరాలు వంగి కనిపిస్తాయి, పీట అంచున తగులుతాయి. గ్రంథాలయం మా ఇంటికి పది నిమిషాల నడక, నాకు తొందర పెట్టే పరీక్షలు లేవు, శుక్రవారం సెలవు తప్ప ఏ ఉదయమైనా ఖాళీయే. నా జబ్బు నడిమి చూపును తిన్నది కనుక పీట నాకు సరిపోయింది. నడుమ మాత్రం కనిపించి చుట్టూ చీకటి పడే రెటినైటిస్ పిగ్మెంటోసా వారికి అక్షరాన్ని ఇంత పెంచితే, ఉన్న ఆ కాస్త చూపులో రెండు అక్షరాలైనా పట్టవు. వారికి తక్కువ పెంపు, ఎక్కువ కాంతిభేదం మేలు. ఉద్యోగం చేస్తూ రోజుకు వంద కాగితాలు చూడవలసిన వారికి నేను దీనిని సిఫార్సు చేయలేను. నా వంటి కన్ను, నా వంటి తీరిక, పుస్తకంలోని అక్షరాన్నే చూడాలన్న పట్టుదల ఉన్నవారికి మాత్రం, పీట లేని యంత్రాన్ని చవకగా వస్తుందని తీసుకోవద్దని గట్టిగా చెప్తాను.

మా గ్రంథాలయానికి వచ్చేవారు ఉంటే, కిటికీ మీట పక్కన తెల్లని టేపు ముక్క ఒకటి అతికించి ఉంటుంది. దాని మీద నల్ల సిరాతో పెద్దగా ‘ఒత్తులు’ అని నేనే రాశాను. మీటను అక్కడి దాకా తిప్పిన తర్వాతే చదవడం మొదలుపెట్టండి.