గంగమ్మ జాతరకి తిరుపతి వెళ్తే లాడ్జివాడితో జాగ్రత్త, చీర కట్టే ఆవిడకి దండం

ముందు లాడ్జి సంగతి తేల్చేసి తర్వాత మంచి విషయాలకొస్తా, ఎందుకంటే ఆ బిల్లు ఇంకా నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది, కనపడినప్పుడల్లా కడుపు మండుతోంది.

మే నెలలో తిరుపతి అంటేనే సెలవుల రద్దీ, దానికి తోడు తాతయ్యగుంట గంగమ్మ జాతర ఆఖరి రోజులు. అందుకే నెల ముందే ఫోన్ చేసి బస్టాండ్ దగ్గర్లో ఒక లాడ్జిలో ఏసీ రూము చెప్పి పెట్టుకున్నాం. ఫోన్లో రోజుకి 1,800 అన్నాడు, 24 గంటల చెకౌట్ అన్నాడు, అత్తయ్యకి ఎక్స్‌ట్రా బెడ్ ఫ్రీ అన్నాడు, 500 అడ్వాన్స్ కూడా వేయించుకున్నాడు. సోమవారం పొద్దున్నే నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్ దిగి వెళ్తే రూము ఖాళీ అవలేదు కూర్చోండి అని పదకొండున్నర దాకా మెట్ల పక్కన ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టాడు. రూము ఇచ్చేటప్పుడు రేటు 2,600 అయిపోయింది, ఇదేంటంటే "జాతర రేటు మేడం" అట, ఎక్స్‌ట్రా బెడ్డుకి రోజుకి 300 అట. అప్పుడు ఎండ చూస్తే అక్కణ్ణుంచి బయటికి కాలు పెట్టే పరిస్థితి లేదు, అది వాడికీ తెలుసు.

రూములో ఏసీ ఉంది, రిమోట్ లేదు. రిమోట్ కౌంటర్లో ఇస్తారంట, 200 డిపాజిట్. సరే అని కట్టి తెచ్చుకుంటే గాలైతే వస్తోంది, చల్లదనం లేదు. బాత్రూంలో ఇంకో వింత, పైన ట్యాంకు ఎండకి కాగిపోయి మధ్యాహ్నం రెండింటికి చన్నీళ్ళ కుళాయిలో మరిగే నీళ్ళు, పొద్దున ఐదింటికి తలస్నానం చేద్దామంటే గీజర్ పనిచేయదు. తువ్వాలు అడిగితే ఒకటి ఇచ్చాడు, నలుగురం ఉన్నాం కదా అంటే ఆరేసుకోండి మేడం ఈ ఎండకి పది నిమిషాల్లో ఆరిపోతుంది అన్నాడు. అది ఒక్కటీ నిజమే.

అసలు దెబ్బ ఆఖర్న. బుధవారం పదకొండున్నరకి ఖాళీ చేస్తుంటే మూడు రోజులు వేశాడు. 24 గంటలంటే పొద్దున ఎనిమిది నుంచి మళ్ళీ ఎనిమిది దాకానంట! మమ్మల్ని పదకొండున్నర దాకా మెట్ల దగ్గర కూర్చోబెట్టింది తనే, ఆ మూడున్నర గంటలు కూడా మా ఖాతాలోనే. రూముకి 7,800, బెడ్డుకి 900, మొత్తం 8,700. అడ్వాన్స్ 500 తగ్గించమంటే అది బుకింగ్ చార్జి అన్నాడు. రిమోట్ డిపాజిట్‌లో 50 పట్టుకున్నాడు, బ్యాటరీ వాడకం అట. బిల్లు మీద జీఎస్టీ నంబరు లేదు, లాడ్జి పేరు కూడా లేదు, పైన ఎస్టిమేట్ అని ఉంది అంతే. నేను అరుస్తుంటే మా ఆయన "పోనీలే పద, ట్రైన్ టైమవుద్ది" అంటాడు, ట్రైన్ సాయంత్రం!

ఆయన ఆ మూడ్‌లో ఎందుకున్నాడో చెప్పాలంటే అసలు కథ చెప్పాలి. మా వాడికి చిన్నప్పుడు అమ్మవారు పోసినప్పుడు అత్తయ్య మొక్కుకుంది, పిల్లాడికి తగ్గిపోతే నా కొడుకు చేత గంగమ్మకి ఆడవేషం వేయిస్తాను అని. పిల్లాడికి తగ్గింది, ఇప్పుడు ఏడో తరగతి, వేసేవాడే ప్రతి వేసవికీ లీవు లేదని తప్పించుకుంటూ వచ్చాడు. ఈసారి అత్తయ్య టికెట్లు తనే చేయించేసింది. హైదరాబాద్‌లో బండెక్కినప్పటినుంచి ఈయన మొహం మాడ్చుకునే ఉన్నాడు, రేణిగుంట దాటాక కూడా "అమ్మా, వేపమండలు కట్టుకుంటే సరిపోదా" అని బేరాలు. సోమవారం సాయంత్రం కొండ మీద 300 టికెట్ దర్శనం బాగానే అయింది, అందులో రాయడానికేం లేదు.

అత్తయ్య పుట్టిల్లు తిరుపతే, కొర్లగుంట. ఊళ్ళో అడుగు పెట్టగానే మనిషి మారిపోయింది, నడక మారింది, యాస మారింది. జాతర గురించి తను చెప్పిందే రాస్తున్నా. మంగళవారం రాత్రి చాటింపుతో మొదలై పై మంగళవారం జాతర, బుధవారం తెల్లారుజామున విశ్వరూపంతో ముగింపు. చాటింపు పడ్డాక ఊళ్ళోవాళ్ళు పొలిమేర దాటి రాత్రి బయట ఉండకూడదని పెద్దవాళ్ళ పట్టింపు, అందుకే అత్తయ్య తమ్ముడు ఈసారి చిత్తూరులో పెళ్ళికి కూడా పోలేదు. ఆడపిల్లల్ని చెరబట్టే పాలెగాణ్ణి చంపడానికి గంగమ్మ పుట్టిందనీ, అవిలాలలో కైకాల వాళ్ళింట్లో పెరిగిందనీ కథ. వాడు భయపడి దాక్కుంటే వాణ్ణి వెతుక్కుంటూ రోజుకో వేషం వేసింది. అందుకే బుధవారం బైరాగి వేషం ఒంటికి తెల్ల నామం పూసుకుని, గురువారం బండ వేషం కుంకుమ పూసుకుని, శుక్రవారం తోటి వేషం బొగ్గు పూసుకుని వేస్తారు. శనివారం దొర వేషానికి గంధం. నిజం దొరే వచ్చాడనుకుని పాలెగాడు బయటికొస్తే తల నరికేసిందంట, ఆదివారం మాతంగి వేషంలో పోయి వాడి పెళ్ళాన్ని ఓదార్చిందంట. చంపినామె పోయి ఓదార్చడం ఏంటో గానీ నాకు ఆ కథలో అదే నచ్చింది. ఇప్పటికీ అసలు వేషాలు కైకాల కులస్తులే వేస్తారు, అమ్మవారు వెంకన్న చెల్లెలు కాబట్టి దేవస్థానం నుంచి సారె వస్తుంది, 2023లో రాష్ట్ర పండుగ కూడా చేశారు. బండ వేషం రోజు బూతులు తిట్టినా ఎవరూ ఏమీ అనుకోరు అని అత్తయ్య నోరు జారింది, అప్పట్నుంచీ మా వాడు గురువారమే ఎందుకు రాలేదని ఒకటే గొడవ.

మంగళవారం పొద్దున ఆరింటికే కొర్లగుంట వైపు ఒక సందులో బ్యూటీ పార్లర్‌కి వెళ్ళాం, అప్పటికే బయట అరుగు మీద పదిమంది మగాళ్ళు క్యూ. ఒకాయన రిటైరైన బ్యాంకు మేనేజరంట, చేతిలో గాజుల డబ్బా పట్టుకుని పేపర్ చదువుకుంటున్నాడు. పార్లర్ ఆవిడ రేట్లు గోడ మీద రాసి పెట్టింది, చీర మేకప్ 350, విగ్గు జడ అద్దె 200, జాకెట్టు అద్దె 100. జాకెట్లన్నీ వెనక నాడాలతో కట్టుకునేవి, ఏ ఒంటికైనా సర్దుకోవాలిగా. మా ఆయన ప్యాంటు విప్పనని మొండికేస్తే "వద్దులేన్నా, ఉండనీ, కుచ్చిళ్ళు ఆ బెల్టుకే దోపుతా, రాత్రికి గూడా ఊడదు" అంది. మీసం తీయాలా అని భయంగా అడిగాడు. "మీసం ఉంటే ఏమన్నా, అమ్మ నీ మీసం జూసేదానికి రమ్మనిందా?" పిన్నీసులు నోట్లో పెట్టుకుని మాట్లాడుతూనే అత్తయ్య అరక్కు రంగు, అంటే ముదురు ఎరుపు పట్టుచీర పావుగంటలో కట్టేసింది, నేను పెళ్ళైనప్పట్నుంచీ కట్టుకుంటున్నా నాకెప్పుడూ కుచ్చిళ్ళు అంత సమంగా రాలేదు. విగ్గుకి 300 డిపాజిట్ తీసుకుంది, రాత్రి తొమ్మిదింటికి తిరిగిచ్చేస్తే జడ చిక్కుపడిపోయినా సరే 300కి 300 చేతిలో పెట్టింది. మల్లెపూలకి డబ్బులు తీసుకోమంటే "మొక్కు పూలకి డబ్బులేందక్కా" అంది. ఆ రూములో బ్యాటరీకి 50, ఇక్కడ మూర మల్లెపూలు ఊరికే, రెండూ ఒకే ఊళ్ళో.

గుడి దాకా చెప్పుల్లేకుండా నడక. పదింటికే తారు కాలుతోంది. అయితే దారి పొడుగునా ఇంటింటి ముందు డ్రమ్ములు, బిందెలు పెట్టుకుని పోయేవాళ్ళ కాళ్ళ మీద నీళ్ళు పోస్తున్నారు, రాగి అంబలి, మజ్జిగ గ్లాసులు చేతికిస్తున్నారు, వద్దన్నా వినరు. ఎటు చూసినా చీరల్లో మగాళ్ళు, మూడేళ్ళ పిల్లాడి దగ్గర్నుంచి తాతల దాకా, కొందరు గోపురాల్లాంటి సప్పరాలు నెత్తినెత్తుకుని డప్పులకి చిందేస్తున్నారు. మా ఆయన మొదటి వంద గజాలు నా వెనక దాక్కుంటూ నడిచాడు, తర్వాత ఎవరో కాలేజీ కుర్రాడు, తనూ లంగావోణీలో ఉన్నాడు, "అక్కా, నీ జడ సూపర్" అన్నాడు, అంతే, మనిషి వదులయ్యాడు. గుడి దగ్గరికెళ్ళేసరికి డప్పుల ముందున్నాడు, ఫోన్ నా చేతిలో పెట్టి వీడియో సరిగ్గా తీయట్లేదని నన్నే విసుక్కున్నాడు. అత్తయ్య గుడి ముందు పొంగలి పెట్టి పొగలో కళ్ళు తుడుచుకుంటూ కూర్చుంది, పొగకో కొడుక్కో నేనడగలేదు.

గుడి దగ్గర ఏర్పాట్లు మాత్రం అంతంత మాత్రమే. ముసలివాళ్ళకి వేరే లైను ఉందని బోర్డు పెట్టారు, ఆ లైను ఎక్కడ మొదలవుతుందో అక్కడున్న వాళ్ళకే తెలీదు, అటు పొమ్మంటే అటు, ఇటు పొమ్మంటే ఇటు. రెండున్నర గంటలు పట్టింది. మధ్యాహ్నం అత్తయ్య తమ్ముడింట్లో రాగిసంకటి, నాటుకోడి పులుసు, ఇల్లు చిన్నది కాబట్టి పడుకోడానికి లాడ్జి తీసుకున్నాం గానీ తినడానికి ఆ వరండా చాలు. బయట తిన్న వాటిల్లో నన్నారి షర్బత్ 30, బాగుంది. ఒక హోటల్లో సంకటి ప్లేటు 220 అని బోర్డు చూశాం, ముందే చేసి పెట్టి చల్లారినదే వడ్డిస్తున్నారు, తినకండి. ఆటోలు స్టేషన్ నుంచి బస్టాండ్‌కి 200 అడుగుతారు, నడిస్తే పావుగంట, షేర్ ఆటో అయితే 20.

విశ్వరూపం కోసం రాత్రంతా మేలుకున్నాం. బంకమట్టితో చేసిన అమ్మవారి రూపం, తెల్లారుజామున చెంప నరకగానే ఆ మట్టి కోసం జనం మీద పడిపోయారు, పిల్లల్ని తీసుకెళ్తే భుజాల మీద పెట్టుకోండి, కింద నిలబెట్టొద్దు. అత్తయ్య నిమ్మకాయంత మట్టి సంపాదించి కొంగులో ముడేసింది. బిల్లు గొడవ అయిపోయాక లాడ్జి కౌంటర్ వాడు ఆ ముడి చూసి "పెద్దమ్మా, రవ్వంత నాక్కూడా" అని చెయ్యి చాచాడు. నేనైతే ఇచ్చేదాన్ని కాదు. అత్తయ్య చిటికెడు తీసి కాయితంలో పెట్టి, ఇవ్వకుండా పట్టుకుని, "బ్యాటరీ యాభై?" అంది. ఇచ్చాడు.

వెళ్ళేవాళ్ళకి నా మాట, ప్రైవేటు లాడ్జి జోలికి పోకుండా దేవస్థానం వాళ్ళ శ్రీనివాసం గానీ విష్ణునివాసం గానీ ఆన్‌లైన్లో ముందే ట్రై చేయండి, ఒకటి బస్టాండ్ ఎదురుగా, ఇంకోటి స్టేషన్ ఎదురుగా. దొరక్కపోతే చెకౌట్ టైము గంటలతో సహా వాట్సాప్‌లో రాయించుకోండి. శనివారానికే చేరితే దొర వేషం నుంచి అన్నీ చూడొచ్చు. మగాళ్ళు వేషం వేసేట్టయితే జాకెట్టు సైజు 42 దాటినవాళ్ళు సోమవారమే వెళ్ళి చెప్పి పెట్టుకోవాలి, మంగళవారం పొద్దున ఏడు దాటాక పెద్ద సైజులు ఉండవు, ఆ బ్యాంకు మేనేజర్ గారు పాపం టీషర్టు మీదే పైట వేయించుకున్నారు.