ముత్యాలు పొట్టకు పడిన తిండి: రాయల్ కానిన్ గ్యాస్ట్రోఇంటెస్టినల్ లో ఫ్యాట్

పొట్ట నిలవని కుక్క ఇంట్లో ఉన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. రాయల్ కానిన్ వాళ్ళ గ్యాస్ట్రోఇంటెస్టినల్ లో ఫ్యాట్ అనే పొడి ఆహారం, అంటే పొట్ట, పేగులు సరిగా లేని కుక్కల కోసం తక్కువ కొవ్వుతో చేసినది, మా కుక్క ముత్యాలుకు బాగా పడింది. ఖరీదు మాత్రం మధ్యతరగతి ఇంటికి భారమే. ఎవరికి పనికొస్తుంది, ఎవరికి అక్కర్లేదు, ఎంతకాలం పెట్టాలి అన్నది తెలుసుకుని కొంటే ఆ డబ్బు సార్థకమవుతుంది. తెలియకుండా వెళితే దాని పక్కనే ఉండే ఇంకో సంచి తెచ్చుకునే ప్రమాదం ఉంది. ఆ రెండు సంచులకూ ఉన్న తేడా చిన్నది కాదు.

ముత్యాలు జాతి కుక్క కాదు. విజయనగరం తోటపాలెంలో మా వీధి చివర కాలువ పక్కన పుట్టిన ఊరకుక్క పిల్ల. ఇప్పుడు దానికి ఆరేళ్ళు, పద్దెనిమిది కిలోల బరువు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. "ఊరకుక్కలు రాళ్ళు తిన్నా అరిగించుకుంటాయి టీచరమ్మా, వాటికి పథ్యం ఏమిటి?" అని పక్కింటి పెద్దాయన ఇప్పటికీ అంటారు. వీధిలో బతికి బట్టకట్టిన కుక్కలే మన కంటికి కనిపిస్తాయి కాబట్టి అలా అనిపిస్తుంది. పొట్ట చెడి పసితనంలోనే పోయిన పిల్లలను ఎవరు లెక్కపెట్టారు?

దాని బాధ ఎలా ఉండేదో చెబుతాను, మీ కుక్కతో పోల్చి చూసుకోవచ్చు. తెల్లవారుజామున పొట్టలో గుడగుడమని శబ్దం. నిశ్శబ్దంగా ఉంటే పక్క గదిలోకి కూడా వినిపించేది. ఆ శబ్దం వచ్చిన రోజు గిన్నె వైపు చూడదు. పెరట్లోకి వెళ్ళి గరిక కొరికి నములుతుంది, కాసేపటికి పసుపు పచ్చని నురగ కక్కుతుంది. విరేచనం మొదట గట్టిగా మొదలై చివరికి జారుడుగా, పైన తెల్లని జిగురు పొరతో అయ్యేది. రెండు రోజులు బాగుండేది, మళ్ళీ మామూలే. బరువు పెద్దగా తగ్గలేదు కానీ బొచ్చు నిగారింపు పోయింది.

గరివిడి పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్ళాను. మా జిల్లాలో అలాంటి కళాశాల ఉండడం ఎంత మేలో, కుక్కకు జబ్బు చేసిన రోజున అర్థమవుతుంది. ఏ తిండి పెట్టమంటారు అని నేను అడిగితే, డాక్టర్ గారు ముందు మలం పరీక్ష, రక్తపరీక్ష రాశారు. కొంకిపురుగులు, గియార్డియా అనే సూక్ష్మజీవి, పిడుదుల వల్ల వచ్చే జ్వరం, ఇవి లేవని తేలాకే తిండి గురించి మాట్లాడదాం అన్నారు. ఈ వరస నాకు చాలా నచ్చింది. పురుగులున్న కడుపులో ఎంత ఖరీదైన తిండి పోసినా ఏం లాభం?

పరీక్షలలో ఏమీ తేలలేదు. అప్పుడు అది రోజూ తిన్న ప్రతి ముద్దా, మర్నాటి విరేచనం ఎలా ఉందీ రాసుకురమ్మన్నారు. ఆ పుస్తకం చూస్తే విషయం తేటతెల్లమైంది. పొట్ట చెడిన ప్రతిసారీ ముందురోజు తోలుతో ఉడికిన కోడిమాంసమో, మీగడ పాలో, ఎవరో విసిరిన పకోడీనో ఉంది. తోలు తీసి ఉడికించిన మాంసం పెట్టిన రోజుల్లో ఏ గొడవా లేదు. అంటే కోడిమాంసం మీద అనుమానం అక్కర్లేదు, కొవ్వే దీనికి పడటం లేదు. కొవ్వు ఎక్కువున్న తిండి కడుపులోంచి పేగుల్లోకి దిగడానికి ఎక్కువసేపు పడుతుంది. దాన్ని అరిగించడానికి క్లోమగ్రంథి ఎక్కువ పని చేయాలి. ఒక్కోసారి ఆ గ్రంథికే వాపు వస్తుంది, అప్పుడు అది ప్రాణం మీదికి వస్తుంది. అందుకే డాక్టర్ గారు చీటీ మీద తిండి పేరు రాసి, 'లో ఫ్యాట్' అన్న మాట కింద రెండు గీతలు గీశారు.

ఆ రెండు గీతల విలువ రింగురోడ్డు వైపున్న ఒక చిన్న దుకాణంలో తెలిసింది. ముందు వరసలో చేపల తొట్లు, పక్షుల పంజరాలు, లోపల కుక్కల తిండి. నేను చీటీ ఇవ్వకుండా పేరు మాత్రమే చెప్పాను. కొట్టు నడిపే కుర్రవాడు ఒక సంచి తీసి బల్ల మీద పెట్టి, "డాక్టర్ గారి చీటీ ఉందా అమ్మా?" అని అడిగాడు. చీటీ చూసి, ఆ సంచి మళ్ళీ అలమారలో పెట్టేసి పక్కది తీశాడు. "ఇందాకటిది మామూలు గ్యాస్ట్రోఇంటెస్టినల్ అమ్మా. మీకు రాసింది ఇది" అని రెండింటినీ తిప్పి వెనకవైపు చూపించాడు. మామూలుదానిలో కొవ్వు 20 శాతం దగ్గర ఉంది. లో ఫ్యాట్‌లో 7 శాతం. పేరులో రెండు చిన్న మాటలే తేడా, కొవ్వు దాదాపు మూడింతలు. మామూలుది చెడ్డదని కాదు. జబ్బుపడి చిక్కిపోయిన కుక్క కొంచెమే తినగలిగితే, ఆ కొంచెంలోనే ఎక్కువ శక్తి అందాలి, దానికోసం అది. ముత్యాలు లాంటి కుక్కకు అది విరుద్ధం. అమ్ముడుపోతే చాలనుకునేవాడైతే మొదటి సంచే చేతిలో పెట్టి పంపేవాడు. ఈ దుకాణానికి నేను మళ్ళీ మళ్ళీ వెళ్ళడానికి ఆ ఒక్క నిమిషమే కారణం.

సంచి వెనక చదవడం గురించి ఇంకొంచెం చెప్పాలి. మామూలు దుకాణాల్లో దొరికే చాలా రకాల మీద మాంసకృత్తులు కనీసం 20 శాతం, కొవ్వు కనీసం 10 శాతం అని ఉంటుంది. అందరూ అంకె చూస్తారు, 'కనీసం' అన్న మాట చూడరు. అంతకంటే తక్కువ ఉండదని మాత్రమే దాని అర్థం. ఎంత ఎక్కువ ఉన్నా ఆ అంకె అబద్ధం కాదు. కొవ్వు పడని కుక్క ఉన్న ఇంట్లో ఇది చాలా ముఖ్యం. దినుసుల జాబితాలో మొదట రాసింది బరువులో ఎక్కువ ఉన్న దినుసు. సంచి ముందువైపు కోడి బొమ్మ ఎంత పెద్దగా ఉన్నా, జాబితాలో మొదట ధాన్యాలు ఉంటే లోపల ఉన్నది ప్రధానంగా ధాన్యమే.

జబ్బును బట్టి కుక్కకు వేరే తిండి తయారుచేయడం ఈనాటి వ్యాపారపు ఎత్తు అనుకునేవాళ్ళు మా బంధువుల్లోనే ఉన్నారు. 1939లోనే అమెరికాలో మార్క్ మోరిస్ అనే పశువైద్యుడు, మూత్రపిండాలు చెడిన బడ్డీ అనే కుక్క కోసం ప్రత్యేకంగా తిండి తయారుచేశాడు. కళ్ళు లేని యజమానికి దారి చూపే కుక్క అది. అది బతకకపోతే ఆ మనిషి నడక ఆగిపోతుంది. ఈ సంగతి తెలిశాక ఈ సంచుల మీద నాకు గౌరవం పెరిగింది.

ఇక తిండి సంగతి. గోధుమరంగు చిన్న గుళికలు. వాసన మరీ ఘాటుగా ఉండదు, చేతికి జిడ్డు అంటదు. చవక రకాల్లో చేతిని సబ్బుతో కడిగినా పోని జిడ్డు ఉంటుంది, ఆ తేడా మొదటి రోజే తెలుస్తుంది. ముత్యాలు మొదట వాసన చూసి వెనక్కి తగ్గింది. గోరువెచ్చని నీళ్ళు చల్లి కాసేపు ఉంచితే గుళిక పైపొర మెత్తబడి వాసన లేస్తుంది, అలా పెడితే తిన్నది. పాత తిండి ఒక్కసారిగా ఆపకూడదు. వారం నుంచి పది రోజుల మీద, మొదట కొత్తది పావు వంతు, తర్వాత సగం, ఆ తర్వాత ముప్పావు, అలా పెంచుకుంటూ పోవాలి. విరేచనం మళ్ళీ జారుగా అయితే పెంచకుండా అక్కడే ఆగాలి. పద్దెనిమిది కిలోల దాని ఒంటికి రోజుకు 270 గ్రాముల చొప్పున మూడు పూటలకు పంచాం. చివరి పూట రాత్రి పడుకోబోయే ముందు కొద్దిగా. తెల్లవారుజామున పసుపు నురగ కక్కడం చాలాసార్లు ఖాళీ కడుపు మీద పైత్యరసం పడటం వల్లే అని డాక్టర్ గారు చెప్పిన మాట. రాత్రి ఆ నాలుగు గుళికలు పడటంతో ఆ కక్కు ఆగింది. విరేచనం గట్టిపడింది, జిగురు పోయింది. మొదటి సంచులు అయిపోయేలోపే గరిక మీద దాని ఆసక్తి తగ్గిపోయింది.

ఖరీదు కిలో వెయ్యి రూపాయలకు పైమాటే. మామూలు రకాలకు మూడు నాలుగు రెట్లు. ఒకటిన్నర కిలో సంచి మాకు వారం రాదు. పింఛను మీద బతికేదాన్ని, ఈ లెక్క దాచిపెట్టి పొగిడితే చదివేవాళ్ళకు అన్యాయం చేసినట్టే. పొట్ట కుదుటపడేదాకా పూర్తిగా ఇదే పెట్టి, ఆ తర్వాత డాక్టర్ గారితో మాట్లాడి ఒక పూట ఇంటి వంటకు మార్చాం. చాలా ఇళ్ళకు ఇదే దారి అని నా గట్టి నమ్మకం.

ఇంటి వంట అంటే మన కూరలో ముక్కలు తీసి పెట్టడం కాదు. తోలు, కొవ్వు తీసేసిన కోడిమాంసం నీళ్ళలో ఉడికించి, చల్లారాక పైన తేలిన జిడ్డు తీసేయాలి. అన్నం మామూలుకంటే మెత్తగా వండాలి. తీపి గుమ్మడి ముక్క ఉడికించి మెదిపి కలపాలి. ఉప్పూ కారం, నూనె, మసాలా ఏమీ వద్దు. ఉల్లి, వెల్లుల్లి అసలే వద్దు, అవి కుక్కల రక్తంలోని ఎర్రకణాలను చిదిమేస్తాయి. కూరలో ముక్క కడిగి పెడితే పోతుందిలే అని చాలామంది అంటారు, పోదు. లోపలికి ఇంకిన రసం ఎక్కడికి పోతుంది? అలాగే ఈ అన్నం, మాంసం మీదనే కుక్కను నెలలు నడపకూడదు. ఇందులో కాల్షియం చాలదు, ఇంకా కొన్ని లవణాలూ చాలవు. ఇంటి తిండే పూర్తిగా పెట్టదలచుకుంటే ఏం కలపాలో పశువైద్యుడి చేత లెక్క వేయించుకోవాలి.

ఈ సంచి అన్ని కుక్కలకూ కాదు. ఎదిగే పిల్లలకు, కడుపుతో ఉన్నవాటికి, పాలిచ్చే తల్లులకు ఇంత తక్కువ కొవ్వు పనికిరాదు. పొట్టతో పాటు చెవుల్లో, కాళ్ళ వేళ్ళ మధ్య దురద ఉంటే అది కొవ్వు గొడవ కాకపోవచ్చు, తిండిలోని ఏదో ఒక మాంసకృత్తు పడకపోవడం కావచ్చు. గొడ్డుమాంసం, పాలు, కోడిమాంసం, గోధుమ, ఇవే ఎక్కువసార్లు దొరికే దోషులు. అలాంటప్పుడు మాంసకృత్తులను చిన్న ముక్కలుగా విడగొట్టి చేసిన వేరే ఆహారాలు ఉంటాయి. వాటితో కనీసం ఎనిమిది వారాలు పరీక్షించాలి, మధ్యలో ఒక్క బిస్కెట్టు ముక్క పడినా లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. విరేచనంలో రక్తం కనిపించినా, నీళ్ళు కూడా నిలవకుండా కక్కుతున్నా, మెడ మీది చర్మం పట్టి వదిలితే వెంటనే సర్దుకోకపోయినా తిండి ఆలోచన మానేసి ఆసుపత్రికి పరుగెత్తాలి. టీకాలు వేయించని పిల్లలైతే గంటలు లెక్క.

మన వాతావరణం గురించి ఒక మాట. వానాకాలంలో ఇక్కడి చెమ్మకు పొడి తిండి చాలా తొందరగా పాడవుతుంది. పెద్ద గోనె మూతి విప్పి పెట్టి కిలోల లెక్కన తూచి అమ్మేచోట నేను కొనను. ఆ గోనె ఎప్పుడు విప్పారో ఎవరూ చెప్పరు, గాలి తగిలిన కొవ్వు ముక్కిపోతుంది, ముక్కిన కొవ్వు పొట్ట సరిగా లేని కుక్కకు విషంతో సమానం. మా రింగురోడ్డు కుర్రవాడు విడిగా అమ్మడు. తేదీ దగ్గరపడిన సంచి ఉంటే అడగకముందే చెబుతాడు. నేను తెచ్చిన సంచిని అలాగే మూతి మడిచి బిగుతు మూత ఉన్న డబ్బాలో దించుతాను. గుళికలు నేరుగా డబ్బాలో పోయను, ఎందుకంటే అడుగున మిగిలిన పాత జిడ్డు కొత్తదాన్ని పాడుచేస్తుంది. సంచి మీది తేదీ కూడా కళ్ళముందే ఉంటుంది.

అసలు కష్టం తిండి ఎంచుకోవడం కాదు, చుట్టాలు. విజయదశమి తర్వాత మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి మా ఇల్లు నిండిపోతుంది. ప్రతివాళ్ళకూ ముత్యాలు మీద ప్రేమే. ఒకరు బూరె, ఒకరు మాంసం ఎముక. ఉడికిన ఎముక చీలి పేగులకు గుచ్చుకుంటుందని చెబితే "ఏమీ కాదులే వదినా" అంటారు. పోయిన పండగకు ఈ తిండే కొంత చిన్న గిన్నెలో పోసి వసారాలో పెట్టాను. పిల్లలూ పెద్దలూ ఎవరికి పెట్టాలనిపించినా అందులోంచే ఒక్కో గుళిక తీసి పెట్టమన్నాను, దాని రోజువారీ కొలతలోంచి అంత తగ్గించాను. పెట్టేవాళ్ళ ముచ్చటా తీరింది, పండగ మర్నాడు దాని పొట్టా బాగుంది.

లో ఫ్యాట్ రకం మా ఊళ్ళో అన్ని వేళలా నిల్వ ఉండదు. సంచి సగానికి వచ్చినప్పుడే దుకాణానికి ఫోను చేసి చెప్పి పెట్టుకోవడం మేలు. డాక్టర్ చీటీ ఫోటో తీసి ఫోనులో ఉంచుకోండి, 'లో ఫ్యాట్' అన్న మాటలు సంచి మీద కనబడ్డాకే డబ్బు ఇవ్వండి.