అయిదేళ్ల ఆన్‌లైన్ పాఠాల తర్వాత నా బల్ల మీద మిగిలినవి

ఆంధ్రా సరిహద్దుని ఆనుకున్న ఒడిశా ఊరు పర్లాకిమిడిలో తొమ్మిది, పది తరగతుల పిల్లలకు లెక్కలు, సైన్సు చెప్తాను. పగలు ఒక ప్రైవేటు స్కూలు, సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా ఇంట్లో ట్యూషను. 2020లో బళ్లు మూతబడ్డప్పుడు అందరిలాగే ఫోను ముందు కూర్చున్నాను. బళ్లు తెరిచాక తోటి మాస్టార్లు చాలామంది హమ్మయ్య అని ఆ గొడవ వదిలేశారు. నాకు వదిలే వీలు లేకపోయింది. సరిహద్దు దాటితే పాతపట్నం, ఇటు కాశీనగర్, పైకి వెళ్తే గుమ్మ కొండలు. చీకటి పడ్డాక అంత దూరం నుంచి ఆడపిల్లల్ని ట్యూషనుకి ఎవరు పంపుతారు? అందుకే ఇప్పటికీ రోజూ సాయంత్రం నా ముందు చాపల మీద పద్నాలుగు మంది, ఫోన్లలో తొమ్మిది మంది. కొందరిది ఒడియా మీడియం, కొందరిది ఇంగ్లీషు, అటువైపు పిల్లలకు ఆంధ్రా సిలబస్సు.

ఈ అయిదేళ్లలో ఎన్నో యాప్‌లు, వస్తువులు చేతులు మారాయి. "ఏం కొనమంటారు, ఏం వాడమంటారు" అని తరచూ అడుగుతుంటారు కాబట్టి రాస్తున్నాను. ఎవరూ నాకు డబ్బులిచ్చి రాయించడం లేదు. అన్నీ నా జేబులోంచి కొన్నవే, తప్పులు కూడా నావే.

మొదటి తప్పు, కంటికి కనిపించే వాటి మీద డబ్బు పోయడం. పాత లాప్‌టాప్ కొన్నాను, పెన్నుతో గీస్తే స్క్రీను మీద పడే పెన్ టాబ్లెట్ కొన్నాను, మొహం మీద పడే గుండ్రటి లైటు కూడా కొన్నాను. పెళ్లికొడుకులా మెరిసిపోతూ రెండు నెలలు పాఠం చెప్పాను. ఒకరోజు కాశీనగర్ నుంచి ఒక పిల్ల మామ్మ ఫోన్ చేసింది. "మాస్టారు బాబూ, మా గుంటకి మీ బొమ్మ అవుపిస్తంది గానీ మాటలు ఇనబడ్డం నేదట." ఆ రాత్రి నా క్లాసు రికార్డింగ్ నేనే విన్నాను. ఫ్యాను హోరు, సుద్దముక్క చప్పుడు, బయట బండి హారన్లు, వీటన్నిటి వెనకాల ఎక్కడో నూతిలోంచి నా గొంతు. రెండు నెలలుగా పిల్లలు దాన్ని మర్యాదగా భరించారు.

మర్నాడు చొక్కాకి తగిలించుకునే వైరు మైకు కొన్నాను. ఏడెనిమిది వందల రూపాయల్లో వచ్చింది. ఇన్నేళ్లలో నేను కొన్న వాటిలో ఇంత పనికొచ్చిన వస్తువు ఇంకోటి లేదు. నెట్ బలహీనమైతే బొమ్మ ఆగినా పిల్లలు సర్దుకుంటారు, గొంతు తెగితే మాత్రం పాఠం అక్కడితో అయిపోయినట్టే. అందుకని నెట్ మొరాయించిన రోజు నేను ముందు ఆపేది వీడియోనే. ఒక జాగ్రత్త: మైకు నోటికి జానెడు కింద, కండువా గానీ చీర కొంగు గానీ రాసుకోని చోట పెట్టాలి. ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి, సిగ్గుపడుతూనే. విరామంలో మైకు ఆపకుండా లేచి వెళ్లి వంటింట్లో ఉప్పుచేప గురించి మా ఆవిడతో పెద్ద చర్చ పెట్టాను. తొమ్మిది ఇళ్లలో విన్నారు. మర్నాడు గుమ్మ నుంచి ఒకడు, "మాస్టారూ, చేప బాగుందా?"

సగం మంది గదిలో, సగం మంది ఫోన్లలో ఉంటే ఇంకో చిక్కు వస్తుంది. గదిలో రెండు ఫోన్ల మైకులు తెరిచి ఉంటే ఒకదాని శబ్దం ఇంకొకదానిలో పడి చెవులు చిల్లులు పడేలా కూత పెడుతుంది. గదిలో ఒకే ఫోనుకి మైకు, స్పీకరు తెరిచి ఉండాలన్న నియమం పెట్టుకున్నాక ఆ బాధ పోయింది. మీటింగ్ యాప్‌లలో చప్పుడు తగ్గించే నాయిస్ క్యాన్సిలేషన్ ఉంటుంది కదా, అది ఒంటరిగా మాట్లాడేవాళ్లకి వరం. గదిలో పద్నాలుగు మంది ఒక్కసారిగా "మైనస్ మూడు!" అని అరిస్తే దాన్ని కూడా చప్పుడే అనుకుని మింగేస్తుంది. జవాబు అందరూ కలిసి చెప్పే సమయంలో దాన్ని ఆపేస్తాను.

రాయడం సంగతి. బ్లాక్‌బోర్డుని ఫోన్లో చూపించడం నా మటుకు వృథా. వెలుతురు పడి మెరుస్తుంది, చిన్న స్క్రీను మీద హారమో లవమో తెలియదు. పెన్ టాబ్లెట్ మంచి వస్తువే గానీ కన్ను ఒకచోట, చెయ్యి ఇంకోచోట. అలవాటయ్యేసరికి నా దస్తూరి కోడి గీకినట్టు తయారైంది. చివరికి నిలిచింది వంగే మెడ ఉన్న ఫోన్ హోల్డరు. బల్ల అంచుకి బిగించి, ఫోన్ని కిందికి చూసేలా పెట్టి, తెల్ల కాగితం మీద స్కెచ్ పెన్నుతో రాస్తాను. ఒక కాగితానికి ఆరు వరుసలు, అంతకు మించితే చిన్న ఫోన్లలో కనపడవు. సెల్ఫీ కెమెరాతో చేస్తే అక్షరాలు మీకు తిరగబడి కనిపించి కంగారు పుట్టవచ్చు, పిల్లలకు మామూలుగా సరిగ్గానే కనిపిస్తాయి. క్లాసు అయ్యాక అవే కాగితాలు ఫొటో తీసి గ్రూపులో పెట్టేస్తాను, నోట్సు వేరే తయారుచేసే పని తప్పింది. గదిలో పిల్లలు మటుకు బోర్డే కావాలంటారు. వాళ్లకి ఇదే కాగితాన్ని పాత టీవీ మీద చూపిస్తున్నాను, సణుగుతూ ఒప్పుకున్నారు.

మీటింగ్ యాప్‌ల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఉచితంగా వాడితే జూమ్ నలభై నిమిషాలు, గూగుల్ మీట్‌లో ముగ్గురో అంతకంటే ఎక్కువో ఉంటే గంట. నా ట్యూషను గంటన్నర. మొదట్లో గడియారం చూసుకుంటూ ఒకటే టెన్షన్. తర్వాత ఆ హద్దునే పద్ధతిగా మార్చుకున్నాను. మొదటి గంట పాఠం, ఆ తర్వాత అందరూ నెట్ ఆపేసి అరగంట లెక్కలు చెయ్యాలి, చేసింది ఫొటో పంపాలి. నిజానికి వాళ్లు నేర్చుకునేది ఆ అరగంటలోనే.

వాట్సాప్‌ని తరగతిగదిగా వాడొద్దని చదువుకున్నవాళ్లు చెప్తారు. హోంవర్కులు పెళ్లి ఫొటోల మధ్య మునిగిపోతాయి, నిజమే. గూగుల్ క్లాస్‌రూమ్ దానికంటే ఎంతో శుభ్రం. అధ్యాయాల వారీగా సర్దుకోవచ్చు, ఎవరు ఇచ్చారు, ఎవరు ఇవ్వలేదు అన్నది ఒక చూపులో తెలుస్తుంది. స్కూల్లో అదే వాడుతున్నాను. కానీ ట్యూషను పిల్లల్లో సగం మందికి సొంత ఫోను లేదు. నాన్న పనినుంచి వస్తేనే ఫోను వస్తుంది, అది ఏడుకో ఎనిమిదికో. ఆ ఫోన్లో ఇంకో ఖాతా, ఇంకో పాస్‌వర్డ్ అంటే ఆ ఇంట్లో ఎవరికీ ఓపిక లేదు. వాట్సాప్ మాత్రం అమ్మమ్మకి కూడా తెరవడం వచ్చు. అందుకే గ్రూపులో అడ్మిన్లు తప్ప ఎవరూ పోస్టు పెట్టకుండా సెట్టింగ్ మార్చి, పాఠం సారాన్ని అయిదు నిమిషాల వాయిస్ నోటుగా పెడతాను. అది ఒక ఎంబీ అటూ ఇటూ ఉంటుంది. అంతసేపు వీడియో అయితే దానికి ఎన్నో రెట్లు. రాత్రి తొమ్మిదికి, డేటా అడుగంటిన ఫోన్లో కూడా నా గొంతు చేరుతుంది.

సైన్సుకి నేను చెయ్యెత్తి దండం పెట్టేది ఫెట్ సిమ్యులేషన్లకి, అంటే స్క్రీను మీదే చేసి చూసే ప్రయోగాలకి. కొలరాడో విశ్వవిద్యాలయంలో 2002లో మొదలైన పని ఇది, నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ మొదలుపెట్టారు. అంతా ఉచితం. కొన్నిటికి తెలుగు, ఒడియా రూపాలు కూడా ఉన్నాయి. విద్యుత్ వలయం పాఠానికి బ్యాటరీ, బల్బు, తీగ వేలితో లాగి కలుపుతారు, తప్పుగా కలిపితే మంట వస్తుంది. దాన్ని చూడ్డానికే మావాళ్లు కావాలని షార్ట్ సర్క్యూట్ చేస్తారు. చెయ్యనివ్వండి, ఓమ్ నియమం అలాగే బుర్రకెక్కుతుంది. చాలామందికి తెలియని సుళువు ఏమిటంటే, ఒక్కో సిమ్యులేషన్ని ఫైలుగా దింపుకుని నెట్ లేకుండా నడపొచ్చు. వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపి, క్రోమ్‌లో తెరవమని మాత్రం గట్టిగా చెప్పాలి. లెక్కలకి అలాంటిదే జియోజీబ్రా. సరళరేఖ సమీకరణంలో వాలు మారితే గీత ఎలా ఒరుగుతుందో ఇరవై నిమిషాలు మాటల్లో చెప్పేది, అక్కడ స్లయిడరు ఒక్కసారి జరిపితే తెలిసిపోతుంది.

కేంద్ర ప్రభుత్వం బడి పాఠాల కోసం పెట్టిన దీక్ష యాప్ 2017 నుంచి ఉంది. పాఠ్యపుస్తకంలో అచ్చయిన క్యూఆర్ కోడు స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించినవి వస్తాయి. ఏ రాష్ట్రం సిలబస్ బోర్డు కావాలంటే దానికి మార్చి చూసుకోవచ్చు కాబట్టి మా బోటి సరిహద్దు మాస్టార్లకి ఇది ప్రత్యేకంగా పనికొస్తుంది. ఒకే పాఠాన్ని అటువాళ్లు ఎలా చెప్పారో ఇటువాళ్లు ఎలా చెప్పారో పక్కపక్కన పెట్టుకోవచ్చు. ఏ అధ్యాయానికి ఎంత సరుకు ఉందో ముందురోజే చూసుకోండి, అన్నిటికీ ఒకేలా ఉండదు.

భాష దగ్గర నేను తిన్న దెబ్బ చెప్తాను. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో ఒడియా 2020 ఫిబ్రవరిలో చేరింది, సరిగ్గా నాకు అవసరం పడే వేళకి. వర్క్‌షీట్లు అందులో వేసి రెండు భాషల్లో ఇచ్చేవాణ్ని. వాక్యాలు ఫరవాలేదు, పారిభాషిక పదాల దగ్గరే ప్రమాదం. ఒడియాలో లంబకోణ త్రిభుజాన్ని సమకోణీ త్రిభుజ అంటారు. మన తెలుగు పిల్ల చెవికి ఆ మాట పడగానే కోణాలన్నీ సమానం అనుకుంటుంది. ఒక పిల్ల పైథాగరస్ లెక్కలో మూడు కోణాలకూ అరవయ్యేసి డిగ్రీలు వేసుకొచ్చింది. వర్క్‌షీటులో తప్పేమీ లేదు, పిల్ల తర్కంలోనూ లేదు, చూసుకోని నాదే తప్పు. అప్పటినుంచి తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడు నిలువు గళ్ల పదాల పట్టిక ఒక షీటులో పెంచుతున్నాను. భిన్నం, భగ్నాంశ ఒక వరుసలో, లంబకోణం, సమకోణ ఇంకో వరుసలో. యాప్ కంటే ఆ పట్టికే నమ్మకం.

ఈ ఊళ్లో భాష గురించి మాట్లాడుతూ గిడుగు రామమూర్తి పంతులుగారిని తలవకుండా ఎలా? ఆయన ఇక్కడే పాఠాలు చెప్పారు, ఇక్కడి కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష నేర్చుకుని, ఆ పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని పుస్తకాలు తయారుచేశారు. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. ఇప్పుడు ప్రథమ్ బుక్స్ వాళ్ల కథల సైటు స్టోరీవీవర్‌లో తెలుగు, ఒడియా కథలతో పాటు సవర కథలు కూడా ఫోన్లో దొరుకుతున్నాయి. నాది లెక్కల సబ్జెక్టు, దాంతో నేరుగా పని లేదు. గుమ్మ నుంచి వచ్చే పిల్లల తమ్ముళ్లూ చెల్లెళ్లూ క్లాసులో అల్లరి చేస్తుంటే అందులోంచి ఒక కథ తెరిచి పెట్టమంటాను, అరగంట ప్రశాంతం.

పరీక్షలకి రెండు వాడుతున్నాను. గూగుల్ ఫారమ్స్ మార్కులు తనే వేస్తుంది, కానీ చిన్న జవాబు ప్రశ్నల్లో మీరిచ్చిన అక్షరానికి అక్షరం సరిపోవాలి. సగం అన్న జవాబుని ఒకడు 1/2 అని, ఇంకొకడు 0.5 అని, వేరొకడు సున్నా లేకుండా .5 అని రాస్తాడు. ముగ్గురూ కరెక్టే. మూడు రూపాలూ జవాబుల్లో ముందే చేర్చకపోతే ఇద్దరి కళ్లలో నీళ్లు. గదిలో ఉన్నవాళ్లకి ప్లికర్స్ అట్టలు. పిల్లల చేతిలో ఫోను అక్కర్లేదు. ఒక్కొక్కరికి ఒక నల్లటి గుర్తున్న కాగితం, దాన్ని ఎటు తిప్పి పట్టుకుంటే ఆ వైపు ఏ, బీ, సీ, డీల్లో ఒక జవాబు. నేను ఫోన్ కెమెరా గది మొత్తం తిప్పితే ఎవరేం చెప్పారో వచ్చేస్తుంది. పక్కవాడి గుర్తు వేరు కాబట్టి కాపీ కొట్టలేరు. ముచ్చటపడి అట్టలకి మెరిసే లామినేషన్ చేయించాను, లైటు పడి స్కాన్ అవలేదు. మళ్లీ మామూలు కాగితం తీసి అట్టముక్కలకి అంటించాను. ఇళ్లలో ఉన్నవాళ్లు చాట్‌లో అక్షరం వేస్తారు.

డబ్బు పెట్టి బాధపడ్డది ఒకటుంది, పేరు అనవసరం. హాజరు, హోంవర్కు, ఫీజు, వీడియోలు అన్నీ ఒకేచోట అని చెప్పే యాప్‌కి ఏడాది చందా కట్టాను. రెండో ఏడాది కట్టడం నెల ఆలస్యమైంది, నేను చేసిన వర్క్‌షీట్లే నాకు తెరుచుకోలేదు. అప్పటినుంచి ఏం తయారుచేసినా పీడీఎఫ్ ఒకటి మెమరీ కార్డులో పడాల్సిందే. స్క్రీను మీద రాసుకునే తెల్లబోర్డు యాప్ గూగుల్ జామ్‌బోర్డ్ 2024 డిసెంబరు 31తో ఆగిపోయినప్పుడు ఈ అలవాటే కాపాడింది. ముందే ప్రకటించారు కాబట్టి నెల ముందు అన్నీ దింపుకున్నాను.

కరెంటు సంగతి మర్చిపోయాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను చూసినవాళ్లం, కరెంటు మీద మాకు నమ్మకం తక్కువ. రౌటరుకి 12 వోల్టుల చిన్న యూపీఎస్ తగిలించాను. ఇల్లంతా చీకటైనా క్లాసు నడుస్తుంది, ఎమర్జెన్సీ లైటు కింద కాగితం, పైన ఫోను.

ఇక కొనాలనుకుంటున్నది ఒక్కటే, గది మధ్యలో వేలాడదీసే రెండో మైకు. వెనక వరుస పిల్లలు అడిగే ప్రశ్న ఇళ్లలో ఉన్న తొమ్మిది మందికీ ఇంకా అందడం లేదు. అది వచ్చేదాకా ప్రతి ప్రశ్ననీ నేనే ఇంకోసారి గట్టిగా చెప్పి, అప్పుడు జవాబు మొదలుపెడుతున్నాను. గదిలో పిల్లలకి ఇది నవ్వులాట. నేను నోరు తెరవకముందే వాళ్లే నా గొంతు అనుకరిస్తూ ప్రశ్నని మళ్లీ అరుస్తున్నారు, నాయిస్ క్యాన్సిలేషన్ ఆపి ఉన్న రోజున అది అవతలికి బాగానే చేరుతోంది.