పాత స్టీరియో యాంప్లిఫయర్: బాగుచేసుకోవడమా, లోపల కిట్ వేయడమా, చిన్న కొత్త బోర్డు కొనడమా? ఏది మేలు?

మొన్న ఆదివారం మా బామ్మర్ది కల్వకుర్తి నుంచి దేవరకొండ మీదుగా నల్లగొండ దాకా బస్సులో ఒక సంచి ఒళ్లో పెట్టుకొని వచ్చాడు. విప్పితే మా మామగారి స్టీరియో యాంప్లిఫయర్. పాలమూరు నుంచి బొంబాయికి పనికి పోయిన వాళ్లలో ఆయన ఒకరు. 80లలో చేతిలో నాలుగు పైసలు పడ్డాక లామింగ్టన్ రోడ్డులో కొనుక్కొచ్చారు. చెక్క డబ్బా, ముందు అల్యూమినియం పలక, వెనక హీట్ సింక్ మీద ఇనుప టోపీలు పెట్టినట్టు నాలుగు 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు.

"బావా, ఆన్ చేస్తే భుమ్మని ఒకటే మోత. మా దగ్గర షాపాయన కిట్ వేస్తే వంద వాట్లు వస్తది అంటుండు. వేయించాల్నా, నువ్వే బాగు చేస్తవా, లేకుంటే దీన్ని పాత సామానోడికి ఏసి బ్లూటూత్ బోర్డు కొనుక్కోవాల్నా?"

ఈ మూడూ నేను చేసి చూసినవే, మూడింటిలోనూ ఏదో ఒకటి కాల్చుకున్నవాడినే. అందుకే ముందే చెప్పేస్తున్నా, ట్రాన్స్‌ఫార్మర్ బాగుండి బోర్డు కాలిపోకపోతే ఉన్నదాన్ని ఉన్నట్టు బాగుచేసుకోవడమే మేలు. బోర్డు బొగ్గయిపోతే కిట్, అంటే దాని బదులు లోపల వేసే రెడీమేడ్ పవర్ బోర్డు. ఫోన్లో పాటలు వినడం తప్ప ఇంకేం అక్కర్లేదంటే చిన్న బోర్డు కొనుక్కోవచ్చు, కానీ దానికోసం పాతదాన్ని పాత సామానుకు వేయనక్కర్లేదు, అటక మీద పెట్టుకోవచ్చు.

ముందు ఆ వంద వాట్ల సంగతి చూద్దాం, ఎక్కువమంది పడిపోయేది అక్కడే కాబట్టి. మామగారి సెట్టులో ట్రాన్స్‌ఫార్మర్ 18-0-18, అంటే మధ్య తీగకు అటు 18, ఇటు 18 వోల్టుల ఏసీ. దాన్ని డీసీ చేస్తే 18ని 1.41తో గుణించాలి, అంటే అటు 25 వోల్టులు, ఇటు 25 వోల్టులు. 8 ఓమ్‌ల స్పీకర్ బాక్సులకు ఆ వోల్టేజీ మీద ఛానెల్‌కు 20, మహా అయితే 25 వాట్లు. ఇప్పుడు అందులో ట్రాన్సిస్టర్ల బోర్డు పీకేసి టీడీఏ7294 అనే ఐసీ కిట్ వేసినా ట్రాన్స్‌ఫార్మర్ అదే, వోల్టేజీ అదే, వచ్చే వాట్లూ దాదాపు అవే. కిట్ ప్యాకెట్ మీద రాసిన వంద వాట్లు రావాలంటే వోల్టేజీ ఇంకా చాలా పైకి పోవాలి. బోరులో ఇంచున్నర నీళ్లే ఉన్నప్పుడు పది హెచ్‌పీ మోటారు దింపితే ఏమొస్తుంది? ఈ మాట బామ్మర్దికి వెంటనే ఎక్కింది, వాళ్ల చెలకలో రెండు బోర్లు అట్లాగే పోయాయి మరి.

ఇక బాగుచేయడం. మూత విప్పితే ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఎండిపోయిన బల్లి గుడ్ల పెంకులు నాలుగు, చిటికెడు మట్టి, ఫ్యూజు ఉండాల్సిన చోట రాగి తీగ. ఆ తీగ చూసి నాకు చెమట పట్టింది గానీ దాని సంగతి తర్వాత.

మోతల్లో రెండు రకాలుంటాయి, షాపుకు పోకముందే ఎవరైనా పట్టుకోవచ్చు. వాల్యూమ్ సున్నాకు తిప్పినా మోత అంతే ఉంటే అది పవర్ సప్లై నుంచి వస్తున్నది. వాల్యూమ్‌తో పాటు మోత పెరుగుతుంటే ఇన్‌పుట్ వైరో, ఎర్తో చూసుకోవాలి. మామగారిది మొదటి రకం. మన కరెంటు సెకనుకు 50 సైకిళ్లు, బ్రిడ్జి (ఏసీని డీసీ చేసే నాలుగు డయోడ్లు) దాటాక సెకనుకు 100 ఎగుడుదిగుళ్లు అవుతాయి, వాటిని నింపి చదును చేయడమే ఆ పెద్ద కండెన్సర్ల పని. లోపలి ద్రవం ఏళ్లు గడిచేకొద్దీ ఎండిపోతుంది, కెపాసిటీ పడిపోతుంది, ఆ 100 సైకిళ్ల మోత నేరుగా బాక్సుల్లోకి వస్తుంది. రెండు 4700 మైక్రోఫారడ్ కండెన్సర్లు మార్చాను, పాతవి 35 వోల్టులవి, నేను 50 వోల్టులవి, 105 డిగ్రీలవి వేశాను. వోల్టేజీ ఎక్కువది వేస్తే నష్టం లేదు, తక్కువది మాత్రం వేయకూడదు. ఎలాగూ మారుస్తున్నాం కదా అని కొందరు 22,000 వేస్తారు, "బేస్ దద్దరిల్లుతది" అని. ఆన్ చేసిన క్షణంలో అది లాగే కరెంటుకు పాత బ్రిడ్జి, స్విచ్ మీద దెబ్బ పడుతుంది, బేస్ మాత్రం నాకెప్పుడూ దద్దరిల్లలేదు.

కరెంటు ఇచ్చేముందు సిరీస్ బోర్డు. ఇది లేకుండా పాత సెట్టు ఆన్ చేయొద్దు, చేయొద్దు. సెట్టుకు పోయే కరెంటు బల్బు గుండానే పోయేలా 100 వాట్ల ఫిలమెంట్ బల్బు సిరీస్‌లో పెడతాం, ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు. ఇప్పుడు ఇళ్లన్నీ ఎల్‌ఈడీలే కాబట్టి నా దగ్గరున్న ఒక్క పాత బల్బును బట్టలో చుట్టి స్టీలు డబ్బాలో దాచుకున్నాను, మా ఇంటామెకు అదొక నవ్వు. స్విచ్ వేయగానే బల్బు ఒక్కసారి భగ్గుమని, వెంటనే తగ్గి తీగ ఎర్రగా మాత్రమే కనపడితే లోపల షార్ట్ లేనట్టే. భగ్గుమన్నది అట్లాగే వెలుగుతుంటే తీసేయాలి. మామగారిది తగ్గింది, మేమిద్దరం ఊపిరి పీల్చుకున్నాం.

ఆ తర్వాత కూడా బాక్సులు తగిలించలేదు. స్పీకర్ టెర్మినల్స్ దగ్గర మీటర్ పెట్టి డీసీ చూశాం. ఎడమ 18 మిల్లీవోల్టులు, కుడి 22. యాభై లోపు ఉంటే నాకు దిగులు లేదు. వోల్టుల్లో వచ్చిందంటే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ పోయినట్టు, బాక్సు తగిలిస్తే కాయిల్ కాలుతుంది. కొన్ని పాత సెట్లలో ఒకటే సప్లై ఉండి స్పీకర్‌కు ముందు పెద్ద కండెన్సర్ ఉంటుంది, వాటిలో ఆ కండెన్సర్‌కు ముందు సప్లైలో సగం వోల్టేజీ ఉండాలి, చూసి కంగారు పడొద్దు.

అసలు రోగం ఇరవై నిమిషాలు వేడెక్కాక బయటపడింది. కుడివైపు హీట్ సింక్ మీద చెయ్యి ఆనలేదు. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ ఎమిటర్ కాలు దగ్గర 0.33 ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది, దాని మీద 10 మిల్లీవోల్టులు వస్తే 30 మిల్లీ ఆంపియర్ల బయాస్ (పాట లేనప్పుడు కూడా ట్రాన్సిస్టర్లో నడిచే కొద్దిపాటి కరెంటు) అన్నమాట. ఎడమ 9 చూపించింది. కుడి 41. అంటే పాట లేకుండానే 120కి పైగా మిల్లీ ఆంపియర్లు ఊరికే కాలుతున్నాయి. బయాస్ సెట్ చేసే ప్రీసెట్, అంటే స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న కంట్రోల్, తుప్పు పట్టింది, ఐదు రూపాయల వస్తువు. రెండువైపులా కొత్తవి వేసి, నెమ్మదిగా తిప్పి పదికి తెచ్చి, అరగంట తర్వాత మళ్లీ చూసి ఆపేశాను. బయాస్ మరీ తగ్గించినా తప్పే, సౌండు తక్కువ పెట్టినప్పుడు పాడేవాళ్ల గొంతు గీరుకుపోయినట్టు వినపడుతుంది.

ట్రాన్సిస్టర్లు మార్చలేదు. బామ్మర్ది "పాతవి కదా, ఎలాగూ విప్పినవ్, మార్చెయ్ బావా" అన్నాడు. బాగున్న పాత 3055ని పీకి మార్కెట్లో దొరికే కొత్తది వేయడం జూదమే. నకిలీవి చాలా ఉన్నాయి. ఒకసారి కాలిపోయిన ఒకదాన్ని టోపీ కోసి చూస్తే లోపల చిప్ నువ్వుగింజంత ఉంది. వాల్యూమ్ కంట్రోల్ గరగరకు కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పితే చాలు. కొబ్బరినూనె పోసేవాళ్లున్నారు, వారం బాగుంటుంది, తర్వాత దుమ్మంతా దానికే పట్టుకుంటుంది.

మొత్తానికి సామానుకు 900 రూపాయల దాకా అయింది, సగం సామాను ఇక్కడ దొరక్క హైదరాబాద్ పోయాను, ఇమ్లీబన్ బస్టాండులో దిగితే ఈ సామాను దొరికే కోఠి గుజరాతీ గల్లీ ఎంతో దూరం కాదు. పని రెండు ఆదివారాలు. షాపాయనకు ఇది గిట్టుబాటు కాదు, అందుకే కిట్ అంటాడు, ఆయన్ని తప్పు పట్టడానికేం లేదు.

బాగుచేసిన సెట్టుకు ఉన్న లోపం కూడా చెప్పాలి. ఊళ్లో వ్యవసాయ మోటార్లన్నీ నడిచే వేళ వోల్టేజీ 180కి పడిందనుకోండి, 230లో అది 78 శాతం, వాట్లు దాని వర్గంలో తగ్గుతాయి కాబట్టి 20 వాట్ల సెట్టు 12 దగ్గరే పగులుతుంది. చెవికి సౌండు అంత తగ్గినట్టు ఉండదు గానీ డప్పు దెబ్బ పడ్డప్పుడల్లా చీరినట్టు వస్తుంది. సాయంత్రం పూట కల్వకుర్తి ఇంట్లో ఇది తప్పదు.

కిట్ అసలు వద్దని నేననను. మూడేళ్ల కింద పాత సామాను కొట్టులో ఒక సెట్టు కొన్నాను, బోర్డు మధ్యలో చెయ్యి పట్టేంత రంధ్రం, మొత్తం బొగ్గు. కానీ ట్రాన్స్‌ఫార్మర్ 24-0-24, బలంగా ఉంది. 34 వోల్టులు వస్తాయి, టీడీఏ7294కు 8 ఓమ్‌ల మీద చక్కగా సరిపోతుంది. ఆ ఐసీ వెనకుండే లోహపు భాగం లోపల నెగెటివ్ సప్లైకి కలిసి ఉంటుంది. నాకు తెలుసు. తెలిసీ, అన్నం వేళ అవుతుందన్న తొందరలో మధ్యలో కరెంటు పోనివ్వని మైకా ముక్క పెట్టకుండా నేరుగా హీట్ సింక్‌కు బిగించాను, హీట్ సింక్ డబ్బాకు, డబ్బా గ్రౌండ్‌కు. ఆ రోజే సిరీస్ బోర్డు కూడా పెట్టలేదు. టప్పుమంది, ఫ్యూజుతో పాటు బ్రిడ్జి కూడా పోయింది. మైకా ముక్క ఐదు రూపాయలు.

మళ్లీ సామాను తెచ్చి బిగించాక బాగానే మోగింది, నిజం చెప్పాలంటే మామగారి సెట్టు కంటే గట్టిగానే. కానీ ముందు పలక మీది బేస్, ట్రెబుల్ గుండీలు ఉత్తవైపోయాయి. కిట్ అంటే పవర్ భాగమే, టోన్ కంట్రోల్ పాత బోర్డుతోనే పోయింది. షాపుల్లో దీనికి ఇంకో రెడీమేడ్ టోన్ బోర్డు తెచ్చి, దాని గుండీలు పాత రంధ్రాల్లో పట్టక పలకకు డ్రిల్ వేస్తారు. మొన్న బామ్మర్దితో ఈ ముచ్చట జరుగుతుండగానే మామగారు ఫోన్ చేసి అన్న మొదటి మాట కూడా అదే, "అల్లుడా, పలకకు మాత్రం బొక్కలు కొట్టకుండ్రి."

90లలో వచ్చిన ఎస్‌టీకే ఐసీ సెట్లు ఉన్నవాళ్లకు మాత్రం నా సలహా వేరు. ఎస్‌టీకే4141 లాంటివి అసలువి తయారీలో లేవు, బజారులో నకిలీల రాజ్యం, మూడుసార్లు మార్చి మూడుసార్లు కాల్చుకోవడం కంటే అక్కడ కిట్టే నయం. ట్రాన్స్‌ఫార్మర్‌కు సెంటర్ ట్యాప్ (18-0-18లో ఆ సున్నా, మధ్య తీగ) ఉందో లేదో మాత్రం ముందు చూసుకోవాలి, ఒంటి వైండింగ్ అయితే ఈ కిట్ నేరుగా కుదరదు.

చిన్న బోర్డు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. టీపీఏ3116 బోర్డు, 24 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ (చార్జర్ లాంటి పవర్ సప్లై), రెండూ కలిపి నాకు 1,200 లోపు అయ్యాయి. అరచేతిలో పడుతుంది, తీసుకున్న కరెంటులో 90 శాతం దాకా బాక్సులకే పోతుంది కాబట్టి బోర్డుకు పెద్దగా వేడి ఉండదు. ఆ ఎస్‌ఎంపీఎస్ 100 నుంచి 240 దాకా ఎంత వచ్చినా నడుస్తుంది, మోటార్లు నడిచే వేళ అదొక్కటే మామగారి సెట్టును ఓడిస్తుంది. నా బల్ల దగ్గర పని చేసుకుంటూ వినడానికి అదే పెట్టుకున్నాను. పక్కనే మా అమ్మ మీడియం వేవ్ రేడియో పెడితే మాత్రం జుయ్యిమంటుంది. పోతే బాగుచేసేదేం ఉండదు, చెత్తబుట్టే.

బ్లూటూత్ కావాలంటే దానికోసం సెట్టు మార్చక్కర్లేదు. వెనక టేపు కోసం ఇచ్చిన ఐదు పిన్నుల డిన్ సాకెట్ ఉంది. మూడో పిన్ను ఎడమ, ఐదోది కుడి, మధ్యలో రెండోది గ్రౌండ్. వంద రూపాయల వైరు చేసి బ్లూటూత్ రిసీవర్ బయటే పెట్టాను, దానికి వేరే చార్జర్. సెట్టు లోపలి సప్లై నుంచే కరెంటు ఇస్తే సన్నగా కీచుమనే చప్పుడు ఎక్కుతుంది. లోపల నేను చేర్చింది ఒక్కటే, స్పీకర్ ప్రొటెక్షన్ బోర్డు, మూడు సెకన్ల తర్వాత టిక్కుమని రిలే పడి బాక్సులు కలుస్తాయి, ఎప్పుడైనా డీసీ వస్తే వదిలేస్తుంది. అది కూడా ఉన్న స్క్రూలకే కూర్చుంది.

వినాయకచవితి మండపానికి సరిపోతుందా అని బామ్మర్ది బస్సెక్కబోతూ కూడా అడిగాడు. దానికి అహూజా లాంటి మైకు సెట్టు అద్దెకు తెచ్చుకో, ఇది ఇంట్లో వినేది అని పంపించాను. ఇక ఆ రాగి తీగ: వెనక ప్లేటు మీద అర ఆంపియర్ అని రాసుంటే అక్కడెవరో చుట్టిన తీగకు పది ఆంపియర్లు వచ్చినా కరగదు. సరైన ఫ్యూజు వేశాను, ఇంకో నాలుగు చిన్న కవర్లో పెట్టి మూత లోపలివైపు టేపుతో అంటించాను, రాత్రిపూట పోతే మళ్లీ తీగ వెతుక్కోకుండా.