ముక్కోపి స్టార్ మేలా, నెమ్మదస్తుడు మేలా?

1995 అక్టోబరులో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో శాన్ ఆంటోనియో స్పర్స్ జట్టు డెన్నిస్ రాడ్‌మన్‌ను చికాగో బుల్స్‌కు ఇచ్చేసి, బదులుగా విల్ పర్డ్యూను తీసుకుంది. అంకెలు మాత్రమే చూసేవారికి ఇది మతిలేని బేరం. రాడ్‌మన్ అప్పటికి వరుసగా నాలుగు సీజన్లు ఎన్‌బీఏలో సగటున అందరికంటే ఎక్కువ రీబౌండ్లు (బుట్టలో పడని షాట్ల బంతులు) పట్టినవాడు. పర్డ్యూ ఏనాడూ స్టార్ అనిపించుకోని సెంటర్, అంటే బుట్ట దగ్గర ఆడే పొడగరి. స్పర్స్ జనరల్ మేనేజర్ గ్రెగ్ పోపోవిచ్‌కు ఈ సంగతి తెలియక కాదు. వచ్చింది ఎంతైనా, అతడి తిక్క వదిలితే చాలనుకున్నాడు.

తర్వాతి కథ బాస్కెట్‌బాల్ చూసేవాళ్లందరికీ తెలుసు. ఆ సీజన్‌లో బుల్స్ 82 మ్యాచ్‌లలో 72 గెలిచింది. 1996, 1997, 1998లో వరుసగా మూడు టైటిళ్లు కొట్టింది. పోపోవిచ్ బోల్తా పడ్డాడని ఇక్కడితో తీర్పు చెప్పేయవచ్చు. కానీ రెండేళ్లు తిరక్కముందే, 1997 డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం), అదే పోపోవిచ్‌కు టిమ్ డంకన్ దొరికాడు. గెలిచినా ఓడినా ముఖంలో పెద్దగా తేడా కనిపించని మనిషి. 19 సీజన్లు ఒకే జట్టుకు ఆడాడు. ఆ 19 ఏళ్లలో స్పర్స్ ఒక్కసారి కూడా ప్లేఆఫ్స్‌కు (సీజన్ చివర టైటిల్ కోసం జరిగే పోటీలకు) దూరం కాలేదు, ఐదు టైటిళ్లు గెలిచింది.

తిక్క మనిషిని తెచ్చుకున్న జట్టూ బాగుపడింది, వదిలించుకున్న జట్టూ బాగుపడింది. మరి ప్రతిభావంతుడి దురుసుతనం జట్టుకు మేలా, చేటా? ఈ ప్రశ్నకు అతడి స్వభావం ఒక్కటే చూసి జవాబు చెప్పలేమని నా అభిప్రాయం. ఆ కోపం ఎవరి మీదికి పోతుంది, అతణ్ణి ఆగమంటే ఆగేలా చెప్పగలిగేవారు జట్టులో ఉన్నారా అన్నవి చూడాలి.

ముందు పైకి కనిపించే నష్టం లెక్క తేల్చుకుందాం, ఎందుకంటే అభిమానులు ఎక్కువగా గొడవపడేది దీని గురించే. రెఫరీతో వాదిస్తే టెక్నికల్ ఫౌల్ పడుతుంది, ఎదుటి జట్టుకు ఒక ఫ్రీ త్రో, అంటే ఎవరూ అడ్డుకోని షాట్, వస్తుంది. ఈ విషయంలో రికార్డు రషీద్ వాలెస్‌ది. 2000-01 సీజన్‌లో పోర్ట్‌లాండ్ ట్రయల్ బ్లేజర్స్ తరఫున ఆడుతూ 41 టెక్నికల్స్ మూటగట్టుకున్నాడు. ఆ ఫ్రీ త్రోను జట్టులో గురి బాగా కుదిరినవాడే వేస్తాడు కాబట్టి పదింటిలో తొమ్మిది పడతాయనుకుందాం. 41కి 37 పాయింట్లు. 82 మ్యాచ్‌లకు పంచితే మ్యాచ్‌కు అర పాయింటు కూడా రాదు. అదే సీజన్‌లో వాలెస్ మ్యాచ్‌కు సగటున 19 పాయింట్లు చేశాడు. ఈ మాత్రం దానికి అతణ్ణి జట్టును ముంచేవాడని అనడం అన్యాయమే.

అసలు నష్టం ఈ లెక్కలో దొరకదు. రెండో టెక్నికల్ పడితే ఆటగాణ్ణి బయటికి పంపేస్తారు. సీజన్‌లో 16వది పడితే ఒక మ్యాచ్ నిషేధం (2006-07 నుంచి ఉన్న నియమం ఇది, వాలెస్ అదృష్టవంతుడు). ప్లేఆఫ్స్‌లోనైతే మోటు ఫౌళ్లకు, అంటే ఫ్లాగ్రెంట్ ఫౌళ్లకు, పాయింట్లు జమ అవుతూ పోతాయి. నాలుగుకు చేరితే తర్వాతి మ్యాచ్‌కు కూర్చోవలసిందే.

2016 ఫైనల్స్‌లో (ముందుగా నాలుగు మ్యాచ్‌లు గెలిచినవారికే టైటిల్) గోల్డెన్ స్టేట్ వారియర్స్‌కు జరిగింది ఇదే. సీజన్‌లో 73 మ్యాచ్‌లు గెలిచి చరిత్రకెక్కిన జట్టు అది. క్లీవ్‌లాండ్ కావలియర్స్ మీద 3-1 ఆధిక్యంలో ఉంది. నాలుగో మ్యాచ్ చివర్లో వారియర్స్ ఆటగాడు డ్రేమండ్ గ్రీన్ కింద పడ్డాడు. కావలియర్స్ స్టార్ లెబ్రాన్ జేమ్స్ అతణ్ణి దాటుకుంటూ నడిచాడు. తన మీదుగా దాటడాన్ని గ్రీన్ అవమానంగా తీసుకున్నాడు, చెయ్యి విసిరాడు. ఆ మ్యాచ్ వారియర్స్ చేతిలోనే ఉంది, విసరవలసిన అవసరమే లేదు. అంతకుముందే రెండు సిరీస్‌లలో కలిపి అతడి ఖాతాలో మూడు పాయింట్లు ఉన్నాయి. లీగ్ ఈ దెబ్బను పరిశీలించి నాలుగోది జమ చేసింది.

ఐదో మ్యాచ్ వారియర్స్ సొంత కోర్టులో. గెలిస్తే టైటిల్. గ్రీన్‌కు ఆ భవనంలోకి అడుగు పెట్టే వీలు లేదు. పక్కనే ఉన్న బేస్‌బాల్ స్టేడియంలో కూర్చుని టీవీలో చూశాడు. అతడు కాపలా కాయని ఆ కోర్టులో లెబ్రాన్ 41, కైరీ ఇర్వింగ్ 41 పాయింట్లు కొట్టారు. చివరికి కావలియర్స్ 4-3తో గెలిచింది. ఫైనల్స్‌లో 3-1తో వెనకబడి గెలిచిన జట్టు అంతకుముందు లేదు. ఆ ఐదో మ్యాచ్‌లోనే సెంటర్ ఆండ్రూ బోగట్ కూడా గాయపడ్డాడు, కాబట్టి నింద మొత్తం గ్రీన్ మీద వేయడం కుదరదు. పైగా ఏడో మ్యాచ్‌లో 32 పాయింట్లు, 15 రీబౌండ్లు, 9 అసిస్టులతో (సహచరుడి బుట్టకు దారితీసే పాసులు) తన జట్టులో అందరికంటే బాగా ఆడింది అతడే. ఇలాంటి ఆటగాళ్లతో చిక్కే ఇది. ముంచేదీ వాళ్లే, ఒడ్డుకు లాగబోయేదీ వాళ్లే. ఆ తెగువ లేని గ్రీన్ తనకంటే అరడుగు పొడవైన సెంటర్లను ఆపగలిగేవాడా? నాకైతే నమ్మకం లేదు.

వారియర్స్ కోచ్ స్టీవ్ కర్. ఈ పేరు దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే స్టార్ ఆటగాడి పిడికిలి రుచి స్వయంగా తెలిసిన కోచ్ ఇతడు. 1995లో బుల్స్ సాధన శిబిరంలో మైకేల్ జోర్డన్‌కూ కర్‌కూ మాటామాటా పెరిగింది. కర్ తగ్గలేదు, జోర్డన్ అతడి ముఖం మీద కొట్టాడు. కోచ్ ఫిల్ జాక్సన్ జోర్డన్‌ను సాధన నుంచి పంపేశాడు. ఆ రోజే జోర్డన్ ఫోన్ చేసి క్షమాపణ చెప్పాడు. 1997 ఫైనల్స్ ఆరో మ్యాచ్ చివరి క్షణాల్లో, స్కోరు సమంగా ఉన్నప్పుడు, జోర్డన్ బంతిని అందించింది కర్‌కే. కర్ వేశాడు, టైటిల్ వచ్చింది.

2022 అక్టోబరులో కర్ చూస్తుండగానే చరిత్ర ఇంకో రకంగా నడిచింది. సాధనలో గ్రీన్ తన సహచరుడు జోర్డన్ పూల్‌ను కొట్టాడు. ఆ వీడియో బయటికి పొక్కింది. జట్టు గ్రీన్‌కు జరిమానా వేసింది కానీ మ్యాచ్‌ల నిషేధం వేయలేదు. మొదటి మ్యాచ్‌కే అతడు కోర్టులో ఉన్నాడు. అంతకు కొన్ని నెలల ముందే టైటిల్ గెలిచిన జట్టు ఆ సీజన్‌లో బయటి కోర్టులలో ఆడిన 41 మ్యాచ్‌లలో 11 మాత్రమే గెలిచింది. ప్లేఆఫ్స్ రెండో రౌండులో లేకర్స్ చేతిలో ఓడింది. ఆ సంఘటన ప్రభావం సీజన్ మీద పడిందని కర్ స్వయంగా ఒప్పుకున్నాడు. వేసవి వచ్చేసరికి పూల్‌ను వేరే జట్టుకు పంపేశారు, గ్రీన్‌కు నాలుగేళ్ల కొత్త కాంట్రాక్టు ఇచ్చారు.

రెండూ పిడిగుద్దులే. ఒకటి ఇద్దరినీ దగ్గర చేసింది, ఇంకొకటి జట్టును రెండు ముక్కలు చేసింది. కారణం వెతకడం కష్టం కాదు. కర్‌కు అప్పటికి 30 ఏళ్లు, ఎదురు నిలబడగల అనుభవం ఉంది. దెబ్బ తిన్నదీ నిలబడ్డదీ బయటివాళ్లెవరూ చూడలేదు. కొట్టినవాణ్ణి కోచ్ అక్కడికక్కడే బయటికి పంపాడు. పూల్‌కు 23. అతడు దెబ్బ తినడం ప్రపంచమంతా పదే పదే చూసింది. పాలిచ్చే ఆవు తన్నినా పడాలనే సామెత జట్టు యాజమాన్యాలకు బాగా నచ్చుతుంది, కానీ ఆ తన్ను తినేది యాజమాన్యం కాదు, పక్కన ఆడే కుర్రవాడు. ముక్కోపి స్టార్‌ను సమర్థించేవాళ్లు ఈ ముక్క ఎప్పుడూ దాటవేస్తారు.

ఇప్పుడు రాడ్‌మన్ దగ్గరికి మళ్లీ వద్దాం. ఒకే మనిషిని రెండు జట్లలో పక్కపక్కన పెట్టి చూసే అవకాశం అరుదుగా వస్తుంది. శాన్ ఆంటోనియోలో చివరి సీజన్‌లో అతడు 49 మ్యాచ్‌లే ఆడాడు; సస్పెన్షన్ ఒకటి, మోటార్‌సైకిల్ ప్రమాదం ఇంకొకటి. 1995 ప్లేఆఫ్స్‌లో లేకర్స్‌తో ఆడుతుండగా కోచ్ బయటికి పిలిస్తే, బూట్లు విప్పేసి కోర్టు పక్కన పడుకున్నాడు. తర్వాతి మ్యాచ్‌కు జట్టే అతణ్ణి పక్కన పెట్టింది. ఆ జట్టు పెద్ద డేవిడ్ రాబిన్‌సన్. నావికాదళ అకాడమీలో చదివిన క్రమశిక్షణపరుడు, ఆ ఏటి అత్యుత్తమ ఆటగాడు, పరమ సౌమ్యుడు. రాడ్‌మన్‌ను గద్దించగల మనిషి కాదు. కోచ్ బాబ్ హిల్‌కు ఆ జట్టుతో అదే మొదటి సీజన్.

చికాగోలో మారింది రాడ్‌మన్ కాదు. 1996 మార్చిలో రెఫరీని తలతో కుమ్మి ఆరు మ్యాచ్‌లు కూర్చున్నాడు. 1997 జనవరిలో కోర్టు అంచున ఉన్న ఒక కెమెరామన్‌ను తన్ని 11 మ్యాచ్‌లు పోగొట్టుకున్నాడు. 1998 ఫైనల్స్ నడుస్తుండగా సాధన ఎగ్గొట్టి కుస్తీ ప్రదర్శనకు వెళ్లిపోయాడు. ఇంత జరిగినా బుల్స్ తట్టుకుంది. అతణ్ణి తీసుకునే ముందు జాక్సన్ జోర్డన్‌నూ స్కాటీ పిపెన్‌నూ అడిగాడు. డెట్రాయిట్ పిస్టన్స్‌కు ఆడిన రోజుల్లో రాడ్‌మన్ తోస్తే గడ్డానికి కుట్లు వేయించుకున్నవాడు పిపెన్. అతడే సరేనన్నాక మిగతావాళ్లకు మాట్లాడటానికి ఏముంటుంది? ఇంకొకటి, రాడ్‌మన్‌కు బంతి అక్కరలేదు. మ్యాచ్‌కు ఐదారు పాయింట్లు చేసేవాడు, ఎవరి షాటూ లాక్కోలేదు, తప్పిపోయిన షాట్లను మాత్రం ఏరి తెచ్చేవాడు. 1996 ఫైనల్స్‌లో రెండు మ్యాచ్‌లలో పదకొండేసి రీబౌండ్లు ఎదుటి బుట్ట దగ్గరే పట్టాడు. ఆ రెండు మ్యాచ్‌లను రాడ్‌మనే గెలిపించాడని ఓడిన జట్టు కోచ్ జార్జ్ కార్ల్ అన్నాడు. అతడి వెర్రి వేషాలన్నీ వార్తలకెక్కాయి కానీ సహచరుడి వాటాకు గండి కొట్టినది ఒక్కటీ లేదు.

వాటా దగ్గర గొడవ వస్తే సౌమ్యుడు కూడా చేటు చేస్తాడు. 1994 మే 13న ప్లేఆఫ్స్‌లో న్యూయార్క్ నిక్స్‌తో బుల్స్ మూడో మ్యాచ్. స్కోరు 102-102, మిగిలింది 1.8 సెకన్లు. జోర్డన్ ఆ ఏడాది ఆటకు దూరంగా ఉన్నాడు, జట్టు భారమంతా పిపెన్ మీదే. చివరి షాట్ మాత్రం టోనీ కూకోచ్ వేయాలని జాక్సన్ చెప్పాడు. పిపెన్ కోర్టులోకి వెళ్లనని బెంచి మీదే కూర్చున్నాడు. అరుపులు లేవు, టెక్నికల్ లేదు. కూకోచ్ షాట్ వేసి గెలిపించాడు. డ్రెస్సింగ్ రూమ్‌లో సంబరానికి బదులు సీనియర్ ఆటగాడు బిల్ కార్ట్‌రైట్ కన్నీళ్లు పెట్టుకుని పిపెన్‌ను నిలదీశాడు. పిపెన్ సహచరులందరికీ ఇష్టమైనవాడు, దిద్దుకున్నాడు, తర్వాతి మ్యాచ్‌లో బుల్స్ గెలిచింది. అదే పని సీజన్ పొడుగునా చేసే ఆటగాళ్లు ఉంటారు. రక్షణలో సగం వేగంతో పరుగెత్తడం, బంతి రాకపోతే మూలన నిలబడిపోవడం. వీళ్ల పేరు మీద జరిమానాలు ఉండవు కాబట్టి మంచి పేరుతోనే చలామణీ అవుతారు. నా దృష్టిలో వాలెస్ అరుపులకంటే ఈ ముభావం ప్రమాదం.

డంకన్‌ను వీళ్లతో కలపకూడదు. అతడి నెమ్మది వేరే రకం. అప్పటికి కోచ్ అయిన పోపోవిచ్ అందరి ముందూ డంకన్‌ను తిట్టేవాడు, డంకన్ పడేవాడు. అంతటివాడే పడుతుంటే బెంచి మీది పన్నెండో ఆటగాడికి అలగడానికి సాకు దొరకదు. 2012లో జీతం సగానికి పైగా తగ్గించుకుని కొత్త కాంట్రాక్టు రాసుకున్నాడు, మిగిలిన డబ్బుతో జట్టు మిగతావాళ్లను నిలుపుకుంది. ఇంతటి సాధువును కూడా 2007లో ఒక రెఫరీ బెంచి మీద కూర్చుని నవ్వాడని బయటికి పంపేశాడు. తర్వాత లీగ్ ఆ రెఫరీనే సస్పెండ్ చేసిందనుకోండి.

కాబట్టి ప్రతిభ సరిసమానమైతే డంకన్ లాంటివాణ్ణే తీసుకోవాలి, ఇందులో ఆలోచించవలసింది లేదు. పదేళ్లపాటు కుర్రవాళ్లను పెంచి జట్టు కట్టాలనుకునేవారికైతే కాస్త తక్కువ ప్రతిభ ఉన్నా నెమ్మదస్తుడే నయం. కుర్రవాళ్లు స్టార్ ఆటనైతే అందుకోలేరు కానీ అతడి అలకలను వారంలో నేర్చుకుంటారు. ముక్కోపి పనికొచ్చేది ఇంకో సందర్భంలో. పెద్దలు కుదురుకున్న జట్టు, టైటిల్‌కు ఒకే మెట్టు దూరం, చేతిలో రెండు మూడేళ్లు. అప్పుడు కూడా అతడి కోపం ఎదుటివాళ్ల మీదికో రెఫరీ మీదికో పోవాలి. సొంత జట్టు కుర్రవాళ్ల మీదికి పోయేదైతే ఎంత ప్రతిభ ఉన్నా నేను వద్దంటాను.

వాలెస్ 2004 ఫిబ్రవరిలో పోర్ట్‌లాండ్ నుంచి అట్లాంటాకు వెళ్లి, అక్కడ ఒకే ఒక్క మ్యాచ్ ఆడి, డెట్రాయిట్ పిస్టన్స్‌లో తేలాడు. అక్కడ కోచ్ ల్యారీ బ్రౌన్, బంతి నడిపేది చాన్సీ బిలప్స్, బుట్ట దగ్గర బెన్ వాలెస్. ఎవరి పని వారికి తెలిసిన జట్టు, లోటల్లా పొడవైన మరో మంచి ఆటగాడు. రెఫరీలతో వాదన మానలేదు, టెక్నికల్స్ ఆగలేదు. జూన్‌లో పిస్టన్స్ లేకర్స్‌ను 4-1తో ఓడించి టైటిల్ గెలిచింది.